సాంబ్రాణి పట్టిన పెట్టె

గవరపాలెం సందుల్లో ఏ ఇంటి ముందైనా పొద్దున్నే సాంబ్రాణి పొగ లేచిందంటే, ఆ ఇంట్లో పసిబిడ్డ ఉందని వేరే చెప్పక్కర్లేదు. బిందుమాధవి పాపకి మూడో నెల. ఆ వీధిలో పిల్లలందరికీ నీళ్ళు పోసిన బుల్లమ్మే ఈ పాపకీ పోస్తోంది. ఆవిడకి నడుం వంగింది గానీ చేతులకి మాత్రం ఇంకా ముసలితనం రాలేదు. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, పిల్లని కాళ్ళ మీద వేసుకుని, ఆముదం రాసి, సున్నిపిండితో నలిచి, గోరువెచ్చని నీళ్ళు పోస్తుంది. చివరి చెంబుడు నీళ్ళు పిల్ల చుట్టూ తిప్పి పారబోసి, "శ్రీరామరక్ష, నూరేళ్ళాయుస్సు" అంటుంది. ఆ మాట అనకుండా ఏ పిల్లనీ కాళ్ళ మీంచి లేపదు.

పాప తక్కువ బరువుతో పుట్టింది. పుట్టగానే తల్లి పక్కలో పడుకోవలసిన పిల్లని ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. బిందు ఆ పెట్టె చుట్టూ తిరిగి తిరిగి అక్కడే సగమైపోయింది. ఇంటికొచ్చాక కూడా ఆ భయం వదల్లేదు. వంట మధ్యలో గరిటె పడేసి వచ్చి, పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి తగిలాక మళ్ళీ గరిటె పట్టుకునేది. పాప తల మీద పాలూ సాంబ్రాణీ కలిసిన ఒక వాసన ఉండేది. అది పీల్చుకుంటే గానీ ఆమెకి గుండె కుదుటపడేది కాదు.

అలాంటి ఇంట్లోకి నానాజీ ఒక పాత గిటారు పెట్టె తెచ్చాడు.

నానాజీ బిందుకి మేనత్త కొడుకు, తర్వాత మొగుడు. పెళ్ళిళ్ళలో పాడే ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు. వానాకాలం వచ్చేసరికి అతని గిటారు సంచీ చిరిగి ఊరుకుంది. రెండ్రోజుల్లో తునిలో ప్రోగ్రాం. పాత సామాన్ల వాజిద్ కొట్లో ఈ పెట్టె కనబడేసరికి నిధి దొరికినట్టు నెత్తిన పెట్టుకుని వచ్చాడు. నర్సీపట్నం రోడ్డులో ఏదో పాత బంగళా పడగొడితే వచ్చిందట. వాజిద్ దాన్ని మూత తెరిచే ఉంచేవాడట. ఎందుకంటే, మూసినప్పుడల్లా కొట్లో ఉండబుద్ధి కావడం లేదన్నాడట. వాసనకై ఉంటుందిలే అని నానాజీ నవ్వాడు.

వాసనంటే అలా ఇలా కాదు. వానకి తడిసి ఏళ్ళ తరబడి ఆరని పరుపులాగ, ముక్కిపోయిన వాసన. నల్లటి తోలు పగుళ్ళిచ్చి, అంచుల్లో బూజు తెల్లగా పట్టింది. లోపల ఎర్ర మఖమలు. మూత మీద ఇత్తడి బిళ్ళ ఉంది గానీ అక్షరాలు అరిగిపోయాయి. నానాజీ సెల్లు లైటు వేసి తిరగేసి, బోర్లేసి చూశాడు. ఆకారం గిటారుదే. కొలత మాత్రం ఎక్కడా కుదరడం లేదు. పెద్దవాళ్ళ గిటారుకి చిన్నది, పిల్లల గిటారుకి పెద్దది. తన గిటారు పడుకోబెట్టి చూస్తే మెడ భాగం దిగింది గానీ ఒళ్ళు దిగలేదు. మఖమలు కింద ఏదో ఉబ్బుగా, మెత్తగా తగులుతోంది.

"లోపల దూది తేమకి ఉబ్బిపోయింది. ఆరితే దిగిపోద్ది. వాసన పోయేలాగ శుభ్రం చేసి పెట్టు బిందూ," అన్నాడు.

ఆ రాత్రంతా పాప ఏడుస్తూనే ఉంది. కడుపు నొప్పేమోనని వాము నీళ్ళు పట్టారు, భుజాన వేసుకుని తిప్పారు, ఏం చేసినా ఊరుకోలేదు. వాసన భరించలేక పెట్టె మూత వేస్తే ఏడుపు పెరిగేది. ఏదో పనికి తీస్తే తగ్గేది. ఈ సంగతి బిందు గమనించింది గానీ, నిద్రలేక తనకే ఏదో తోస్తోందనుకుని ఊరుకుంది.

పొద్దున్న నానాజీ రిహార్సల్‌కి పోయాడు. బుల్లమ్మ వచ్చి పాపకి నీళ్ళు పోసి, సాంబ్రాణి వేసి, అరికాల్లో కాటుక చుక్క పెట్టి వెళ్ళింది. ముసురు విడిచి కాస్త ఎండ వచ్చింది. బెల్లం మార్కెట్ వైపు నుంచి గాలి తియ్యగా వస్తోంది. పాపని చీర ఉయ్యాల్లో వేసి, బిందు పెట్టెని వాకిట్లోకి తెచ్చుకుంది.

మూడు నెలలుగా ఆ ఇంట్లో పిల్ల స్నానం తప్ప వేరే లోకం లేదు. చేతికి ఏది అందితే అదే వాడింది. డేగిసాలో మిగిలిన గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి తోలంతా తుడిచింది. పగుళ్ళకి ఆముదం పట్టించింది. మఖమలు మీద సున్నిపిండి చల్లి, కాసేపు ఎండకి ఉంచి, పాత బ్రష్షుతో మెల్లగా దులిపింది. పురుగు పట్టకుండా మూలకున్న చిన్న అరలో వస కొమ్ము పెట్టింది. పాప నాలిక్కి అరగదీసి రాసేది కూడా ఆ కొమ్మే. కుంపట్లో ఇంకా నిప్పులున్నాయి. సాంబ్రాణి గుప్పెడు వేసి, పెట్టెని దాని మీదకి ఒరగబెట్టి, లోపలంతా పొగ పట్టించింది. అడుగున పాత నూలుచీర ముక్క మడత పెట్టి పరిచింది. అన్నీ అయ్యాక చెంబులో కొంచెం నీళ్ళు మిగిలాయి. పారబోద్దామని ఎత్తింది. చేతికి అలవాటైపోయిన పని కదా, చెంబు పెట్టె చుట్టూ ఓ తిప్పు తిరిగింది.

"శ్రీరామరక్ష, నూరేళ్ళాయుస్సు," అనేసింది.

అన్నాక తనలో తనే నవ్వుకుంది. సాయంత్రం బావకి చెప్తే వారం రోజులు ఏడిపిస్తాడు. నీళ్ళు గట్టు పక్కన పారబోసింది. లోపల ఉయ్యాల్లో పాప, రాత్రి నుంచీ ఏడుస్తూనే ఉన్న పాప, ఠక్కున ఊరుకుంది.

మధ్యాహ్నానికి వాసన చాలావరకు పోయింది. ఎండలో మఖమలు నూగు లేచి కొత్తదిలాగ మెరిసింది. ఒక్కచోట మాత్రం లేవలేదు. బిందు బ్రష్షుతో అటు దువ్వింది, ఇటు దువ్వింది. పైన గుండ్రంగా, దాని కింద కొంచెం పొడుగ్గా, నూగు అణిగే ఉంది. చాలాకాలం ఏదో ఒకటే వస్తువు పడుకున్న గుర్తది. గిటారు గుర్తు మాత్రం కాదు. ఆమె దాన్ని ఇంకొంచెం చూసేదేమో గానీ, పెద్ద చినుకులు పడ్డాయి. గబగబా పెట్టెని లోపలికి తెచ్చి, వేరే చోటు లేక ఉయ్యాల కింద పెట్టింది. ఆరాలి కదా అని మూత తెరిచే ఉంచింది.

పాప నిద్రపోతోంది. ఎంతకాలానికో ఇంత గాఢంగా పోతోంది. బిందుకి ప్రాణం లేచొచ్చినట్టయింది. చాప పరుచుకుని తనూ ఒరిగింది.

మెలకువ వచ్చేసరికి సందె వేళయింది. కరెంటు లేదు. వాన పెంకుల మీద ఒకే తీరున పడుతోంది. గదిలో పాల వాసన, సాంబ్రాణి వాసన. పాప వాసన. కళ్ళు తెరవకుండానే ఆమె హాయిగా పీల్చుకుంది. పీల్చుకున్నాక అనుమానం వచ్చింది. ఉయ్యాల పైనుంది. వాసన కిందనుంచి వస్తోంది.

లేచి ఉయ్యాల్లోకి వంగింది.

ముక్కిపోయిన వాసన.

తన చేతులకే పెట్టె మురికి అంటుకుందేమోనని చేతులు వాసన చూసుకుంది. సబ్బు వాసన. మళ్ళీ వంగింది. పాప తల మీద... మెడ మడతల్లో... తడిసి ఆరని పరుపు వాసన. పాప కళ్ళు తెరిచే ఉంది. చీకట్లో తల్లి వంక చూస్తోంది. రెప్ప వెయ్యడం లేదు. పిల్లని ఎత్తుకుని రొమ్ముకి ఆనించుకుంది బిందు. ఎప్పుడూ వెతుక్కుంటూ వచ్చే నోరు, ఈసారి కదల్లేదు.

అప్పుడు ఏడుపు వినిపించింది.

ఆకలేడుపు. సన్నంగా... విడిచి విడిచి... తను ఎంతమంది పిల్లల మధ్యనైనా పోల్చుకోగల ఏడుపు. బిందు పాప మొహంలోకి చూసింది. నోరు మూసే ఉంది. ఏడుపు ఆగడం లేదు. కాళ్ళ దగ్గర... ఉయ్యాల కింద... తెరిచిన మూతలోంచి. ఆ ఏడుపుకి ఆమె జాకెట్టు పాలతో తడిసిపోయింది. చేతుల్లో ఉన్న పిల్లకి రాని పాలు దానికి వచ్చాయి.

భయంతో ఏం చేస్తోందో తెలియలేదు. కాలితో మూత తన్నేసింది. ఠప్పున పడింది. ఏడుపు ఆగిపోయింది.

దీపాల వేళకి బుల్లమ్మ సెల్లు లైటు వేసుకుని, కొంగు నెత్తిన కప్పుకుని వచ్చింది. గడప దాటుతూనే ముక్కు ఎగబీల్చి నిలబడిపోయింది. బిందు మొత్తం చెప్పింది. సున్నిపిండి దగ్గర బుల్లమ్మ ఏమీ అనలేదు. సాంబ్రాణి దగ్గరా అనలేదు. చెంబు సంగతి వచ్చేసరికి గొంతు తగ్గించింది.

"నీళ్ళు దిగదుడిసేవా?"

"అలవాటులో... తిప్పేసేను మామ్మా."

"మాట అన్నావా?"

"అన్నాను."

"ఆ మాట ఒట్టినే పోదమ్మా. అందులో ఏటున్నాదో సూసుకోకుండా ఇచ్చేసేవు." బుల్లమ్మ పాపని ఎత్తుకోబోయి చేతులు వెనక్కి తీసుకుంది. "పొద్దున్న కాళ్ళ మీద ఏసుకుంటే తెలుత్తాది."

పెట్టె మూత తనే తీసి వెళ్ళింది. లోపలినుంచి ఏ చప్పుడూ రాలేదు.

తర్వాత నానాజీ వచ్చాడు, కరెంటూ వచ్చింది. వెలుతురులో అన్నీ మామూలుగానే కనబడ్డాయి. భార్య చెప్పింది విన్నాడు. మూడు నెలలుగా కంటి మీద కునుకు లేదు కదా, తుని నుంచి రాగానే డాక్టరు దగ్గరికి వెళ్దాం అన్నాడు. విసుక్కోలేదు పాపం, వీపు నిమిరాడు. పాలు మాత్రం పాప తాగింది. చప్పరింపు లేకుండా, చూపు తిప్పకుండా తాగింది. నానాజీ గిటారు తీసి పెట్టెలో పడుకోబెట్టాడు. ఒళ్ళు సరిగ్గా దిగింది.

"సూసేవా? ఉబ్బు పోయింది. నీ చేతిలోనే ఉంది పనితనమంతా," అని మెచ్చుకున్నాడు. గాలి తగలాలని మూత వేయకుండా వదిలేశాడు.

బిందు ఉయ్యాల వైపు చూసింది. ఉబ్బు పోయిందా? పోతే ఎక్కడికి పోయింది?

తెల్లారింది. వాన వెలిసింది. బుల్లమ్మ పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. పాపని పడుకోబెట్టి ఆముదం రాసింది, నలిచింది, నీళ్ళు పోసింది. నీళ్ళు పడితే ఊరంతా వినబడేలా ఏడ్చే పిల్ల, ఈరోజు కిక్కురుమనలేదు. అరికాలి కాటుక చుక్క ఎక్కడా కనబడలేదు. నిన్నెప్పుడో పెట్టింది కాబట్టి చెరిగిపోయి ఉంటుందని బిందు తనకి తనే సర్దిచెప్పుకుంది. బుల్లమ్మ చివరి చెంబు ఎత్తింది. తిప్పబోయింది. చెయ్యి సగంలో ఆగింది. పిల్ల మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత ఆ నీళ్ళని కరివేపాకు మొక్క మొదట్లో పోసేసింది.

బిందు తువ్వాలు పట్టుకుని నిలబడింది. మాట అంటుందేమోనని ఇంకా ఎదురుచూస్తోంది. బుల్లమ్మ పెదవులు కదల్లేదు.

లోపల పెట్టె గొళ్ళేలు టక్కుటక్కుమని పడ్డాయి. నానాజీ పెట్టె పట్టుకుని బయటికొచ్చాడు. రైలుకి టైమైందని చెప్పులు వేసుకుంటూ, గిటారు ఒక్కటే కదా, ఇంత బరువేమిటో అనుకున్నాడు. గేటు దాటాడు. రెండడుగులు పడ్డాయో లేదో, బిందు జాకెట్టు మళ్ళీ తడిసింది. ఎవరూ ఏడవడం లేదు. అయినా తడిసింది.

ఆమె పరిగెత్తింది. పిల్లని బుల్లమ్మ కాళ్ళ మీదే వదిలేసి, చెప్పులు కూడా లేకుండా, సందు మలుపులో మొగుణ్ణి పట్టుకుంది. అతను ఏదో అంటున్నా వినకుండా పెట్టె కింద పెట్టించి, గొళ్ళేలు లాగి మూత తెరిచింది. గిటారు ఎత్తి పక్కన పెట్టింది. నూగు లేవని ఆ చోట, కింది వైపున, పిల్ల పాదం ఆనేచోట, కాటుక చుక్క ఉంది. వేలు పెడితే అంటుకుంది. ఇంకా తడారలేదు.

"నువ్వే పూసుంటావు బిందూ," అన్నాడు నానాజీ. గొంతులో మాత్రం ఇంతకు ముందున్న ధీమా లేదు.

బుల్లమ్మ పిల్లని పీట పక్కనే పడుకోబెట్టి గేటు దాటి వచ్చింది. చేతులు తడిగా, ఖాళీగా ఉన్నాయి. గేటు గడియ బయటినుంచి వేసి, వాళ్ళ వైపు నడిచింది. ఆవిడ వెనక, వాకిట్లో, ఇంతవరకు ఒక్కసారైనా నవ్వని పాప... పైకి, గట్టిగా నవ్వింది.

బుల్లమ్మ వెనక్కి తిరగలేదు. వచ్చి పెట్టె పక్కన కూర్చుని, మఖమలు మీద అరచెయ్యి ఆనించి కొంతసేపు కదలకుండా ఉంది. నానాజీ మూత పట్టుకోబోతే చెయ్యి అడ్డుపెట్టింది.

"మూత ముయ్యకు నాయనా," అంది మెల్లగా. "ఊపిరాడదు."