కిందికి దిగే కుర్చీ

బకెట్టక్కకు యాభై నాలుగేళ్లు. కాఫీ ఎప్పుడూ నిలబడే తాగుతుంది.

ఆ పేరు ఆమెకు కాఫీ షాపుల కుర్రాళ్లు పెట్టారు. ఆ వీధి పొద్దుపోయేదాకా జనంతో కిటకిటలాడుతుంది. అందరూ తాగాల్సింది తాగి, నవ్వాల్సింది నవ్వి, షాపులు కట్టేశాక చేతిలో బకెట్టు, భుజాన మాప్ కర్రతో ఆమె దిగుతుంది. ఏ షాపు ఎలాంటిదో ఆమెకు నేలను బట్టి తెలుసు. కాలేజీ పిల్లల షాపులో బల్లల కింద చూయింగ్ గమ్. ప్రేమికుల షాపులో చించి పోగులు పెట్టిన చక్కెర పొట్లాలు. పోగు పెద్దదైతే ఆ బల్ల దగ్గర ఆ రోజు తగువు జరిగినట్టే. లాప్‌టాప్‌ల వాళ్ల షాపంటే ఆమెకు ప్రాణం. ఒక్క కప్పు ముందు పెట్టుకుని రోజంతా కదలరు, నేల అద్దంలా ఉంటుంది.

చెడ్డపేరు ఉన్నది మూలమీది షాపుకే.

రాత్రి వెళ్లేముందు కుర్రాళ్లు కుర్చీలన్నీ బల్లల మీద బోర్లిస్తారు, నేల తుడవడానికి వీలుగా. తెల్లారి తలుపు తీస్తే — కిటికీ పక్కన ఒక్క కుర్చీ కింద ఉంటుంది. బల్ల వైపు కాదు, వీధి వైపు తిరిగి... ఎవరో కూర్చుని ఇప్పుడే లేచినట్టు.

ఇంతకుముందు తుడిచే ఆవిడ ఆ కుర్చీకో దణ్ణం పెట్టి పని మానేసింది. కుర్రాళ్లు దానికి 'కూర్చునే దెయ్యం' అని పేరు పెట్టారు.

"కూర్చునే దెయ్యమా?" అని నవ్వింది బకెట్టక్క, ఆ షాపులో పనికి చేరిన రోజు. "అయితే మగదే అయ్యుంటుంది. ఆడదైతే చచ్చాక కూడా గిన్నెలు తోముతూ ఉండేది గానీ కూర్చోడమేంట్రా?"

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. ఒక పొద్దున ఓనరు పిలిపించాడు. కిందికి దిగిన కుర్చీ పక్కన, కిటికీ గట్టు మీద, అడుగున మడ్డి మిగిలిన కప్పు ఒకటి ఉంది.

"దెయ్యాలు కాఫీ తాగవమ్మా. నువ్వే తాగుతున్నావు. పని ఎగ్గొట్టి కూర్చుంటున్నావు."

"నేనా సార్? కూర్చోడమా?"

"ఇంకొక్కసారి ఆ కుర్చీ కింద కనిపిస్తే నువ్వు రానక్కర్లేదు. ఈ వీధిలో మిగతావాళ్లకీ చెప్తాను."

కెమెరాలో చూసుకోండి అనబోయి ఊరుకుంది. కెమెరా గల్లాపెట్టె వైపే చూస్తుంటుంది. ఓనరుకు ఏది పోతుందని భయమో, అటే.

ఒక్క మాటతో వీధి మొత్తం పోతుంది. ఇంట్లో మొగుడికి నడుంనొప్పి. పెళ్లినాటి నుంచీ ఉంది, పేకాట దగ్గర మాత్రం ఉండదు. ఆ ఇల్లు నడిచేది ఈ బకెట్టు మీదే.

ఆ రాత్రి మూలమీది షాపును ఆఖరుకు పెట్టుకుంది. నేల తుడిచింది. లైట్లు ఆర్పింది. వెళ్లిపోయినట్టు తలుపు తీసి గట్టిగా వేసింది. మెల్లగా వెనక్కి వచ్చి, వంటగది పక్కన మాపులు పెట్టే గూట్లో దూరింది. కూర్చోడానికి చోటు లేదు. ఉన్నా కూర్చునేది కాదు. కూర్చుంటే ఒళ్లు ఇక మాట వినదు.

కాళ్లు పీకుతున్నాయి. లోపల ఫ్రిజ్ గుర్రు పెడుతోంది. బయట ఎవరో ఆఖరి నవ్వులు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. తర్వాత ఏమీ లేదు...

కీఽఽచ్...

తడి నేల మీద కుర్చీ కాలు జరిగింది.

మళ్లీ నిశ్శబ్దం. చాలాసేపు. అప్పుడు — మెట్ల మీద అడుగులు. చెప్పుల్లేని మెత్తని అడుగులు. కాఫీ మెషిను బుస్సుమంది. వాసన వచ్చింది.

దెయ్యం అంటే భయమా, పని పోవడం అంటే భయమా అని తనను తాను అడిగి చూసుకుంది. రెండోదే. మాప్ కర్ర అందుకుని తలుపు తోసింది.

వీధి దీపం వెలుతుర్లో, జుట్టు వదిలేసుకుని, రెండు కాళ్లూ కిటికీ గట్టు మీద చాపుకుని ఒక ఆడమనిషి. తల తిప్పింది.

"అరవకక్కా..."

ఓనరు భార్య.

ఆ షాపులో కేకులన్నీ ఆమె చేతివే. తెల్లారకముందే వంటగదిలోకి దిగితే చీకటి పడ్డాకే పైకి వెళ్తుంది. పైన ఇల్లు. అక్కడ ఇంకో వంటగది. ఆ కేకుల కోసం జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి వరస కడతారు. బోర్డు మీద మాత్రం ఓనరు ఫోటో ఉంటుంది, చేతులు కట్టుకుని.

"మీరా అమ్మగారూ! నా పొట్ట కొట్టడానికేనా ఈ వేషం? పగలు కూర్చోరాదా?"

"ఒకసారి కూర్చున్నాను. ఓనరు భార్య గిరాకీల మధ్య కూర్చుంటే ఏం బావుంటుంది, లే అన్నారు. పైన కూర్చుంటే నీళ్లంటారు. కళ్లజోడేదీ అంటారు. అది ఆయన ముక్కు మీదే ఉంటుంది."

"ఆ వచ్చేది నేనేనని చెప్పేయొచ్చుగా?"

ఆమె గొంతు ఇంకా తగ్గించింది.

"దెయ్యం అనుకుంటే ఎవరూ పిలవరక్కా. నేనని తెలిస్తే పిలుస్తూనే ఉంటారు."

బకెట్టక్కకు కోపం రావాలి. రాలేదు. మాప్ కర్ర మీద గడ్డం ఆనించి నిలబడింది.

"సరే. తాగండి. తాగి కప్పు కడిగేయండి. దించిన కుర్చీ మళ్లీ పైన పెట్టేయండి. మీ గుట్టు ఉంటుంది, నా పనీ ఉంటుంది."

"కప్పు ఆ ఒక్కరోజే మర్చిపోయాను. కుర్చీ..." ఆమె ఆగింది. "కుర్చీ నేను దించడం లేదక్కా. నేను వచ్చేసరికే దించి ఉంటుంది, వీధి వైపు తిప్పి. ఎవరో నాకోసం వేసినట్టు. నువ్వే వేస్తున్నావనుకున్నాను..."

"నేనా?"

"నువ్వు రాకముందు పాత ఆవిడ అనుకున్నాను."

"ఎప్పటి నుంచి?"

"మా అత్తగారు పోయినప్పటి నుంచి."

గల్లాపెట్టె పైన ఫోటో ఉంది. షాపు పెట్టింది ఆ ముసలావిడే. కూర్చుని ఉండగా ఆవిడను ఎవరూ చూడలేదు. పొయ్యి దగ్గరే పడిపోయిందట, నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే. ఫోటోలోనూ నిలబడే ఉంది.

అప్పుడు తట్టింది బకెట్టక్కకు. గూట్లో ఉండగా ముందు వినపడింది కుర్చీ. ఎంతోసేపటికి గానీ... మెట్ల మీద అడుగులు పడలేదు.

ఆ కుర్చీని పైన పెట్టడానికి ఆ రాత్రి ఇద్దరికీ చెయ్యి రాలేదు. పొద్దున ఓనరు పిలిపించి గుమ్మంలోనే పట్టుకున్నాడు. "మళ్లీ దిగింది కుర్చీ! ఏమంటావిప్పుడు?"

బకెట్టక్క అటూ ఇటూ చూసి దగ్గరికి జరిగింది.

"కళ్లారా చూశాను సార్. మీ అమ్మగారు."

"ఏంటి నువ్వనేది?"

"కుర్చీలో కూర్చున్నారు. 'మావాణ్ణి ఓసారి రాత్రిపూట కిందికి పంపు, గిన్నెలున్నాయి' అన్నారు."

ఓనరు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ కుర్చీ దిగితే దిగనివ్వమని, దాని ఊసెత్తొద్దని కుర్రాళ్లకు చెప్పాడు. చీకటి పడ్డాక మెట్ల మీద కాలు పెట్టడం మానేశాడు. బకెట్టక్క పని జోలికి మళ్లీ రాలేదు.

అబద్ధం ఆడానని బకెట్టక్కకు బాధేం లేదు. అందులో అబద్ధం ఎంతో ఆమెకే తెలీదు.

ఆ రాత్రి తుడవడం అయింది. గూటి దగ్గర నిలబడి మాపు పిండుతోంది.

కీఽఽచ్...

చేతులు ఆగాయి. మాపు నుంచి నీళ్లు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. అయిపోయిందనుకుంది.

కీఽఽచ్... రెండోసారి.

బయటికి వచ్చి చూస్తే కిటికీ దగ్గర రెండు కుర్చీలు. పక్కపక్కన. రెండూ వీధి వైపు తిరిగి.

ఓనరు భార్య అప్పుడే ఆఖరి మెట్టు దిగుతోంది.

"రెండోది ఎవరికక్కా? ఎవరైనా వస్తున్నారా?"

"నేను దించలేదమ్మా."

ఇద్దరూ ఫోటో వైపు చూశారు. ముసలావిడ ఎప్పట్లాగే నిలబడి ఉంది.

"నీకు భయం లేదా అక్కా?" అంది ఓనరు భార్య, గుసగుసగా.

"ఉంది," అంది బకెట్టక్క. "కాళ్లనొప్పి అంతకంటే ఎక్కువుంది."

కూర్చుంది.

తర్వాత తర్వాత ఒంట్లో ఓపిక తగ్గి ఒక్కో షాపే వదులుకుంటూ వచ్చింది. లాప్‌టాప్‌ల వాళ్ల షాపు కూడా వదిలేసింది. మూలమీది షాపు మాత్రం చేతకాని రోజు దాకా వదల్లేదు. నేలంతా తుడిచేది. ఆ రెండు కుర్చీలు దిగే చోట మాత్రం ఒక్కనాడూ తుడవలేదు. అది పని చేసే చోటు కాదు, కూర్చునే చోటు.