పేరంటగాలి కింద ఎర్రగీత

పేరంటగాలొచ్చె, పీటేసి కూకోబెట్టు,
పసుపొద్దంటాది, పారాణొద్దంటాది...

ఆ తర్వాతి ముక్క పోలమ్మకు ఎంత తలుచుకున్నా గుర్తు రాదు. పసుపూ వద్దని, పారాణీ వద్దని, ఇంతకీ ఆ గాలి ఏం కావాలందో? చిన్నప్పుడు వల లాగుతూ వెయ్యిసార్లు పాడిన పాటే. అయితే మొదటి సగం పోలమ్మ ఎత్తుకునేది, రెండో సగం నేస్తం మసేనమ్మ అందుకునేది. ఎవరి సగం వాళ్ళదే అయిపోయింది.

ఆమె పెదవుల మీద ఆ పాట ఆడుతూ ఉండగానే ఎదురుగా కూర్చున్న డాక్టర్ హైమవతి పోలమ్మ కరెంటు పలకను ఆపి, మళ్ళీ వెలిగించింది.

"ఇప్పుడు రాయండి మామ్మా."

పోలమ్మ చూపుడువేలితో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ 'పేరంటగాలి' అని రాసింది. వేలు తీసిందో లేదో, మాట కింద ఎర్రగీత పడింది.

"చూశావా? ఎనిమిది రోజులుగా ఇదే వరస. డాక్టరమ్మ వస్తోందంటే ముందు నా మోకాలు చూపిద్దామనుకున్నాను. నువ్వు మాటలకి డాక్టరువంట కదా!"

గుమ్మం పక్కన కూర్చున్న అప్పన్న నవ్వాడు. అతనిదీ పోలమ్మ ఊరే. కళ్ళు రెండూ పొరలు కమ్మి చాలాకాలమైంది. "ఆ పలక ముందేసుకుని పొద్దున్నే కలెక్టరులాగా కూకుంటాదమ్మా! రాసేది మాత్రం ఒక్క మాటే."

నిజమే, ఒక్క మాటే. మధ్యాహ్నం గిన్నెలు కడిగి బోర్లించాక, ఆడవాళ్ళు ఇసుకలో ఆరబెట్టిన చేపల్ని తిరగేసే వేళకు, పిలుపందుకున్న ముత్తయిదువులా సముద్రం మీంచి మెల్లగా వచ్చే గాలిని గవ్వలపేటలో పేరంటగాలి అనేవారు. మరే ఊళ్ళోనూ అలా అనరు. ఇప్పుడు గవ్వలపేటా లేదు. అయిదేళ్ళ కిందట సముద్రం లోపలికొచ్చి ఇళ్ళమీద పడుకుంది, మళ్ళీ లేవలేదు. జనాన్ని మొదట గట్టున ఒక షెడ్డులో ఉంచారు. ఆ తర్వాత లారీలెక్కించి తలా ఒక దిక్కు శిబిరాలకు పంచేశారు. పోలమ్మకు దొరికింది కొండల మధ్య ఏడో నంబరు శిబిరం. ఇక్కడ గాలి ఆడదు. ఒక శిబిరంలో ఎవరున్నారో ఇంకో శిబిరానికి చెప్పరు. చెబితే అంతా కూడబలుక్కుని మళ్ళీ తీరానికి పోతారని అధికారుల భయం.

ఆ షెడ్డులో ఉన్న ఆరు నెలల్లో ఒక మేస్టారు పలకలిచ్చి అక్షరాలు నేర్పుతానన్నాడు. ఊరు ఊరంతా నవ్వింది. పోలమ్మ, మసేనమ్మ మాత్రం వెళ్ళి కూర్చున్నారు. అరవై దాటిన వేళ్ళు 'అ' దగ్గరే నెల రోజులు తడబడ్డాయి. తన పేరు తాను రాసుకున్న రోజున పోలమ్మ ఆ పలకను చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఇన్నాళ్ళూ నోట్లోంచి ఎగిరిపోయిన మాట ఇలా ఒకచోట కూర్చుని తన వంకే చూస్తుందని ఆమె ఎప్పుడనుకుంది?

పలక ఎలా పనిచేస్తుందో మేస్టారు అప్పుడే చెప్పాడు. వెనకటి యంత్రాల్లో స్పెల్ చెకర్ ఉండేది. ఎవరో పండితులు కూర్చుని ఒక జాబితా ఇచ్చేవారు, అందులో లేనిదల్లా తప్పే. హైమవతి కనిపెట్టిన యంత్రానికి అలాంటి జాబితా లేదు. దేశంలో ఉన్న పలకలన్నీ ఏ మాట రాస్తున్నాయో దాని సర్వర్ గమనిస్తూ ఉంటుంది. బతికున్న మనుషులు కనీసం ఇద్దరు, నెలలో ఒక్కసారైనా ఆ మాట రాస్తూ ఉండాలి. అప్పుడే అది మాట. ఒక్కరే రాస్తే తప్పు. మనిషి చనిపోయినట్టు రిజిస్టరులో పడగానే ఆ మనిషి రాసినవన్నీ లెక్కలోంచి తీసేస్తుంది.

శిబిరానికి వచ్చిన మూడోరోజున పోలమ్మ ఈ మాట రాసింది. గీత పడలేదు. గవ్వలపేటలో అక్షరాలు వచ్చినవాళ్ళు ఇద్దరే. గీత పడలేదంటే రెండోమనిషి ఎక్కడో ఉంది, రాస్తోంది. ఆ రోజు నుంచి పొద్దున్నే మొహం కడుక్కోగానే ఆ మాట రాయడం, గీత లేకపోవడం చూసి టీ నీళ్ళు పెట్టుకోవడం.

"సెట్టింగ్స్‌లో భాష తెలుగే ఉంది. అప్‌డేట్ కూడా అయింది." హైమవతి తనలో తాను అనుకుంటున్నట్టుగా అంది. "సొంత మాటలు దాచుకునే చోటొకటి ఉంటుంది. అందులో చేర్చుకుంటే గీత రాదు. మీరు ఒక్కటీ చేర్చుకోలేదేం?"

"మేస్టారు చెప్పాడు ఆ మీట సంగతి. నొక్కలేదు. గీత లేకపోతే నాకేటి, ఉంటే నాకేటి? నాకు మసేనమ్మ ఉండాలి గానీ."

హైమవతి పలక పక్కన పెట్టింది. "మసేనమ్మ ఎవరు?"

పోలమ్మ చెప్పింది. డాక్టరమ్మ వింటూ, వింటూ, తన కంప్యూటరు తెరిచింది గానీ వెంటనే దాని వంక చూడలేదు. అప్పన్న వైపు తిరిగి అడిగింది. "ఈ శిబిరంలో ఇంకెవరూ ఈ మాట అనరా తాతా?"

"అనకేం? నేనంటాను. మా ఆడది పోయేదాకా అంది. ఎర్రన్న అంటాడు, వాళ్ళ కోడలంటాది."

"అంటే చాలదు తాతా, రాయాలి. యంత్రానికి రాసిందే తెలుస్తుంది."

"అయితే మా నోళ్ళు లెక్కలోకి రావా?"

హైమవతి కంప్యూటరు వైపు తిరిగింది. ఆ మాట ఏ పలక మీద ఎప్పుడు పడిందో చూపే లాగ్ చదవడం మొదలుపెట్టింది. చూస్తున్నకొద్దీ ఆమె మొహం మారడం పోలమ్మ కనిపెట్టింది. వేట నుంచి పడవలు తిరిగొచ్చేటప్పుడు, ఒడ్డున నిలబడి లెక్కపెట్టే ఆడవాళ్ళ మొహాలు ఆమెకు బాగా తెలుసు.

"మామ్మా, మూడేళ్ళ కిందట కూడా ఒకసారి ఇలాగే గీత పడిందా?"

"పడింది. తొమ్మిది రోజులు అన్నం సహించలేదు. ఫిర్యాదుల నంబరుకి ఫోను చేశాను. జోజిబాబని ఒక పిల్లాడు, ఎంత ఓపిగ్గా విన్నాడో! గొడవంతా చెప్పాను. రేపటికి సర్దుకుంటుంది మామ్మా అన్నాడు. అన్నట్టే మర్నాటికి పోయింది. దానికి ఒంట్లో బాగులేక రాసుండదు, మళ్ళీ లేచి రాసిందనుకున్నాను."

హైమవతి కంప్యూటరు మూసింది. "రెండోమనిషి పదకొండో నంబరు శిబిరంలో ఉండేవారు. ఆడమనిషి, వయసు అరవై ఆరు. మూడేళ్ళ కిందట, శ్రావణంలో పోయారు. రిజిస్టరులో ఉంది."

పోలమ్మకు అర్థం కాలేదు. "మరి మొన్నటిదాకా గీత లేదుగా?"

"ఆ మర్నాటి నుంచి ఈ మాట మా ఆఫీసులో ఒక పలక మీద పడుతోంది. ఒక్కరోజు కూడా తప్పలేదు. పొద్దున్న ఆరింటికి, మీరు లేవకముందే. జోజిబాబుకు మీతో చెప్పడానికి నోరు రాలేదేమో." ఆమె కంప్యూటరును పక్కకు జరిపింది. "జోజిబాబు కిందటి మంగళవారం గుండె ఆగి చనిపోయాడు మామ్మా. ఆ సీటు ఖాళీగా ఉండబట్టే మీ ఫిర్యాదు నాదాకా వచ్చింది."

అప్పన్న చేతికర్రను నేలకేసి మెల్లగా రాస్తున్నాడు.

"పెళ్ళాం బిడ్డలున్నారా ఆ బాబుకి?" చివరకు పోలమ్మ అడిగింది.

"ఇద్దరు ఆడపిల్లలు."

"అయ్యో నా తండ్రీ!" అంది. మసేనమ్మ కోసం రావలసిన ఏడుపు, గొంతు మాత్రమే ఎరిగిన ఆ మనిషి కోసం ముందు వచ్చింది. మూడేళ్ళు ఎవరికి చెప్పుకున్నట్టు తను ఆ మాట రాసింది? ఎవరు ఊ కొట్టారు?

హైమవతి ఆమె చేతిమీద చెయ్యి వేసింది. "మాటలు చచ్చిపోకూడదనే ఈ యంత్రం చేశాను. ఇలా చావు కబుర్లు మోస్తుందనుకోలేదు. రేపటి నుంచి నేను రాస్తాను మామ్మా. రోజూ. గీత పడనివ్వను."

"వద్దు తల్లీ. నువ్వు రాస్తే నేను మళ్ళీ నమ్మేస్తాను."

డాక్టరమ్మ జీపు కొండ మలుపు తిరిగాక పోలమ్మ పలక తీసింది. మధ్యాహ్నం కాగిపోతోంది, ఆకు కదలడం లేదు. పాటలో తనకు వచ్చిన రెండు చరణాలూ రాసింది. రెండుసార్లు తప్పు పడితే చెరిపి మళ్ళీ రాసింది. తక్కిన మాటల సంగతి ఆమె చూడలేదు. పేరంటగాలి కింద ఎర్రగీత మాత్రం నిండుగా వెలిగింది. ఆమె దాన్ని అలాగే ఉంచి, మూడో చరణానికని కింద చోటు వదిలింది.

ఆనాడు షెడ్డు దగ్గర లారీ కదిలేటప్పుడు కూడా ఇదే అడిగింది మసేనమ్మని. ఆ గాలి ఇంతకీ ఏం అడిగిందే, ఆ ముక్క ఒకసారి చెప్పి పోవే అంది. మసేనమ్మ లారీ అంచు పట్టుకుని కిందికి వంగి, మూటల మధ్య నుంచి పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

"రాసి పంపుతానులేవే! ఇప్పుడు మనకి రాయడం వచ్చు గదా. తొందరేటి, ఎక్కడికి పోతాం?"