నాలుగో మలుపు దిష్టి

"ప్రసాద్ పోయినాడప్పా. టవర్ మీంచి జారిపడినాడంట."

జయనగర్‌లో సుమ మోటార్ డ్రైవింగ్ స్కూల్ అంటే క్లచ్ వదలడం నేర్పే చోటని జనం నమ్మకం. నేర్పుతారు కూడా, అందులో మోసం లేదు. కాకపోతే వెనక గదిలో ట్రాఫిక్ గుర్తుల చార్టు కింద కూర్చునే ఆదినారాయణప్ప బెంగుళూరులో మన గూఢచారి విభాగానికి చీఫ్. పావగడ మనిషి. ఎంత పెద్ద కబురైనా కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే చెబుతాడు. ఆ రోజు గ్లాసు ముట్టుకోలేదు.

ఎదురుగా ఉన్నవాడు ఏజెంట్ లెవన్, మల్లికార్జున్. కుర్చీ వేశారు గానీ అతను కూర్చుంటే కదా. ఒక కాలు సరిగ్గా వంగదు, రెండోది ఒకచోట నిలవదు. గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఫైలు చదివాడు.

"నిచ్చెన ఎక్కాలంటేనే ప్రసాద్‌కు చెమటలు పడతాయి. టవర్ ఎందుకెక్కాడు సార్?"

"అది నువ్వే కనుక్కోవాల. ఆరు దినాలే ఉండాయి."

2003 సెప్టెంబరు ఆఖరు. ఆయుధ పూజకు సరిగ్గా ఆరు రోజులు. వర్తూరు చెరువుకు ఇవతల రెండొందల ఎకరాల్లో ఒక మోటార్ రేసింగ్ సర్క్యూట్ తయారవుతోంది. డిజైన్ చేస్తున్నది ట్రాన్స్‌వెల్ అనే విదేశీ కంపెనీ, దాని పెద్ద రూడీ ఫెల్నర్. ఫెల్నర్ ఇంతకుముందు కట్టిన రెండు స్టేడియాల పక్కన రెండు దేశాల రక్షణ రహస్యాలు మాయమయ్యాయి. ఈ సర్క్యూట్‌కు తూర్పున, చెరువు దాటితే, ఒక రక్షణ శాఖ రన్‌వే ఉంది. ఆయుధ పూజ రోజు పదకొండూ ఇరవైకి అక్కణ్ణుంచి ఒక కొత్త విమానం మొదటిసారి లేస్తుంది. నేల మీద నుంచి రేడియోతో నడిపే విమానం. తొలి ట్రయల్ కనక లోపల ఒక పైలట్ కూర్చుంటాడు. గాల్లోకి లేచాక మొదటి రెండు నిమిషాలు విమానానికీ కంట్రోల్ రూముకూ మధ్య కోడ్ నడుస్తుంది. అప్పుడు పైలట్ చేతిలో ఏమీ ఉండదు. ఆ కోడ్ ఎవడైనా పట్టేసి, దగ్గర్లోంచి గట్టి సిగ్నల్ వదిలాడంటే విమానం వాడి మాట వింటుంది. దించుతాడో, ఊరి మీద పడేస్తాడో వాడి ఇష్టం.

"పైలట్ ఎవరు?"

"దేవదానం."

మల్లికార్జున్ రెండో కాలు కూడా ఆగిపోయింది.

పన్నెండేళ్ళ కిందట మల్లికార్జున్ గూఢచారి కాదు, రేసర్. మద్రాసు దగ్గర ఒక పాత ట్రాక్ మీద, మలుపు తిరిగిన చోటే కట్టిన సిమెంటు గోడకు అతని కారు గుద్దుకుని అంటుకుంది. వెనకొస్తున్న దేవదానం గెలవాల్సిన రేసు. అప్పట్లో ఎయిర్‌ఫోర్సులో కుర్ర ఆఫీసరు, సెలవు పెట్టి మరీ వచ్చాడు. తన కారు అడ్డంగా ఆపేసి, చేతులు కాలుతున్నా మల్లికార్జున్‌ను బయటికి లాగాడు. ఇద్దరూ ఆ తర్వాత దాని గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మాట్లాడితే ఏడుపొస్తుందని ఇద్దరికీ భయం.

"ట్రయల్ ఆపమనండి సార్."

"అడిగినా. ఆధారం తెమ్మన్నారు. ముహూర్తం మార్చరంట. అంతా సైంటిస్టులే, కానీ కొత్త బండిని ఆయుధ పూజ నాడే తియ్యాలంట."

ప్రసాద్ సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ వేషంలో వెళ్ళాడు. అదే వేషం ఇప్పుడు మల్లికార్జున్‌కు. అతని సంతకం లేనిదే సర్క్యూట్‌కు లైసెన్సు రాదు కనక ఫెల్నర్ కాదనలేడు. ట్రాన్స్‌వెల్ లోపల మనకొక మనిషి ఉంది, మౌనిక. పుట్టింది గుంటూరు, పెరిగింది జెనీవా, రెండేళ్ళుగా మన జీతం కూడా తీసుకుంటోంది. వాహనం మాత్రం స్కూలుదే: ఎల్ బోర్డు తగిలించిన తెల్ల మారుతి ఎయిట్ హండ్రెడ్. ఇంజిన్ మార్చామనీ, బోర్డు మాత్రం తియ్యొద్దనీ, ఎల్ బోర్డు కారును బెంగుళూరులో ఎవరూ అనుమానించరనీ చీఫ్ చెప్పాడు.

మర్నాడు కుందలహళ్ళిలో, నిలబడి తినే హోటల్లో, నల్ల కళ్ళద్దాల అమ్మాయి ప్లేటు పక్కకు జరిపి, బిసిబేళె బాత్‌లో ఉప్పు తక్కువైందని పైకే అంది.

"మజ్జిగ తాగండి, సర్దుకుంటుంది," అన్నాడు మల్లికార్జున్. కోడ్ కలిసింది.

అందగత్తె. చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళ చేతుల్లో ఇడ్లీలు చల్లారిపోయాయి. ఆమె ఎర్ర స్పోర్ట్స్ కారు వెనకే మారుతి కూడా సైట్‌కు చేరింది.

ఇద్దరూ సర్క్యూట్ చుట్టూ నడిచారు. తారు ఇంకా వాసనేస్తోంది. ఒక మంచి సర్క్యూట్‌కు ఏం కావాలని ఆమె అడిగింది. అడక్కూడని మనిషిని అడిగింది. మల్లికార్జున్ కుంటుతూనే, చేతులు ఊపుతూ చెప్పుకొచ్చాడు. పొడుగాటి స్ట్రెయిట్, మలుపే లేని దారి, ఉండాలి; దాని చివర ముక్కు మీద కొట్టినట్టు ఒక మలుపు ఉండాలి. అక్కడే ఎవడి దమ్మెంతో తేలుతుంది. దారి ఎత్తుపల్లాలుగా ఉండాలి, ముందేముందో డ్రైవర్‌కు సగమే కనబడాలి. టికెట్టు కొన్నవాడికీ, టవర్లో కూర్చున్న జడ్జికీ ఆ మలుపు మాత్రం పూర్తిగా కనబడాలి.

స్ట్రెయిట్ చివర నాలుగో మలుపు. అది దాటితే దారి గుట్ట మీదికెక్కుతుంది, ఐదో మలుపు ఆ గుట్ట నెత్తినే.

"ఇక్కడ బ్రేక్ ఎప్పుడు వెయ్యాలి?" అంది మౌనిక.

"అదిగో, వంద మీటర్ల బోర్డు. అక్కడి దాకా పెడల్ ముట్టుకోకూడదు. మంచి సర్క్యూట్ తప్పు చెయ్యమని మనిషిని రెచ్చగొట్టాలండీ. చేశాక..."

ఆమె సెల్‌ఫోన్ మోగింది. మిగతా సగం ఆమె వినలేదు.

ప్లానులో నాలుగో మలుపు బయటి అంచున సిమెంటు గోడ ఉంది. అది చూడగానే మల్లికార్జున్‌కు మద్రాసు పొగ వాసన ముక్కుకు తగిలింది. గోడ తీసేసి, అరవై మీటర్ల వెడల్పున గ్రావెల్ ట్రాప్ వెయ్యాలన్నాడు. అదుపు తప్పిన కారు దిగబడి ఆగడానికి లోతుగా గులకరాళ్ళు పోసిన పడక అది. బడ్జెట్ లేదంది మౌనిక. వారం పడుతుంది, అంత టైము లేదన్నాడు ఫెల్నర్. అయితే సంతకం లేదన్నాడు మల్లికార్జున్, ఇన్‌స్పెక్టర్ వేషం తనకింతగా పట్టేసిందేమిటా అని తనే ఆశ్చర్యపోతూ. మేస్త్రీ సుంకన్న, పత్తికొండ వైపు మనిషి, నలభై మందిని పెట్టి నాలుగు రోజుల్లో ఆ పడక నింపేశాడు.

ఆ నాలుగు రోజులూ మల్లికార్జున్‌కు కుదురు లేదు. ప్రసాద్ పడిన జడ్జీల టవర్‌కు తాళం, తాళానికి కాపలా. లిఫ్ట్ పని జరుగుతోందనేవారు. అసలు ఆ టవరే అతనికి కంట్లో నలుసైంది. దాని పెద్ద అద్దాలు స్ట్రెయిట్ వైపు లేవు, నాలుగో మలుపు వైపు లేవు. తూర్పుకున్నాయి. పొద్దున పూట రేసు పెడితే జడ్జి కళ్ళు పోతాయి. అదేమని అడిగితే వీఐపీలకు లేక్ వ్యూ అన్నాడు ఫెల్నర్. వర్తూరు చెరువు కంపు, దాని మీది నురగ, అవి చూడటానికి వీఐపీలు టికెట్టు కొంటారట. చెరువుకు అవతలున్నది రన్‌వే. చీఫ్‌కు ఫోన్ చేస్తే, కిటికీ ఎటుందన్నది ఆధారం కాదప్పా, లోపలేముందో చూడమన్నాడు.

చివరికి మౌనికే దారి చూపింది. పండగ రోజు ఆఫీసుకు సెలవు, సైట్ ఖాళీ, పది నలభైకి కాపలావాణ్ణి పంపేసి తాళం తీసి ఉంచుతానంది.

ఆయుధ పూజ నాడు పది ముప్పైకి సుంకన్న స్టార్ట్ లైన్ దగ్గర మల్లికార్జున్‌కు ఎదురొచ్చాడు. తలకు స్నానం, నుదుట బొట్టు, వెనక ట్రాక్టరు నిండా బూడిద గుమ్మడికాయలు. ఇళ్ళకు పోలేదేమని అడిగితే, రోలరూ మిక్సరూ ఇక్కడుంటే పూజ ఇంటికాడ ఎట్లా చేస్తామని అతనే ఎదురడిగాడు. నిజమే. ఆఫీసుకు సెలవంటే సెలవు. పనిముట్టు పట్టుకునేవాడు ఈ ఒక్కరోజు దాని దగ్గరే ఉండాలి.

"దిష్టికాయ నాలుగు దోవలు కలిసేకాడ కొట్టాల సార్. ఈడ దోవలు కలవవు, తిరిగి తిరిగి మొదుటికే వస్తాయి. యాడ కొట్టేది? శానా చెడ్డ మలుపేదో చెప్పండి."

"నాలుగోది," అన్నాడు మల్లికార్జున్, టవర్ వైపు చూస్తూనే.

పది నలభై. తాళం తీసే ఉంది. సగం మెట్లెక్కాక అతని కాలు ఆగింది. నిచ్చెనకే భయపడే ప్రసాద్ ఇన్ని మెట్లు ఎందుకెక్కాడు? మనవాళ్ళే ఎవరో రమ్మని పిలిచి ఉండాలి. ఈ సైట్‌లో మనవాళ్ళంటే ఒక్కరే. వెనక్కి పోతే దేవదానం ఉండడు. ఎక్కాడు.

పైగదిలో అద్దం వెనక తూర్పుకు తిప్పిన డిష్. డిష్ నుంచి కేబుల్, కేబుల్ చివర సూట్‌కేస్ అంత పెట్టె, పెట్టె ముందు ఫెల్నర్. తలుపు పక్కన మౌనిక, చేతిలో చిన్న పిస్తోలు.

"ప్రసాద్ కూడా ఇలాగే నమ్మాడు," అంది. "సారీ మల్లికార్జున్. వాళ్ళ జీతం బెటర్."

పదకొండూ ఇరవై దాటాక అతన్నీ ప్రసాద్ దారినే పంపుతారట. అప్పటిదాకా చప్పుడు పనికిరాదు. గడియారం పదకొండూ ఎనిమిది చూపించింది. మల్లికార్జున్ జీవితంలో అంత నెమ్మదిగా నడిచిన గడియారం లేదు.

అప్పుడు కింద తమటె డప్పులు మోగాయి. మెట్ల మీద అడుగులు. తలుపు తోసుకుని సుంకన్న భార్య ఆదెమ్మ వచ్చింది, చేతిలో పసుపు కుంకుమల పళ్ళెం, వెనక పాతికమంది. సైట్‌లో ఉన్న ప్రతి మిషనుకూ బొట్టు పెట్టాలి, ఒక్కటి వదిలినా అరిష్టం. మౌనిక పిస్తోలు ఫైలు కింద దాచింది. ఇంతమందిని కాల్చగల తూటాలు అందులో లేవు.

"దొరా, కదలగాకు," అంది ఆదెమ్మ. ఫెల్నర్ నుదుటికి వేలెడు కుంకుమ పెట్టింది. పెట్టెకు మూడు బొట్లు. ఎవరో మల్లికార్జున్ చేతికి బంతిపూల దండ ఇచ్చారు. అతను భక్తిగా వంగి డిష్‌కు దండ వేసి, లేస్తూ కేబుల్ కొసను గట్టిగా గుంజాడు. తెగిపోయింది.

ఫెల్నర్ కేక పెట్టి మీదికురికాడు. పూజలో మనిషిని కొట్టబోయాడని పదిమంది అతన్ని పట్టుకున్నారు. మౌనిక తెలివైనది. పెట్టెకు సొంత యాంటెన్నా ఉంది, దానికి ఎత్తు కావాలంతే. పెట్టె లాక్కుని మెట్లు దిగింది. మల్లికార్జున్ కుంటుకుంటూ కిందికి చేరేసరికి ఎర్ర కారు స్టార్ట్ లైన్ దాటింది. పదకొండూ పదహారు. ఆమె పోయేది ఐదో మలుపు గుట్ట మీదికి. అక్కణ్ణుంచి రన్‌వే నేరుగా కనిపిస్తుంది.

ఎల్ బోర్డు మారుతి వెంటపడింది. ఇంజిన్ మార్చిన మాట నిజమేగానీ, ఎంత మార్చినా అది మారుతియే. ఒకటో మలుపులో ఎర్ర కారు చిన్నదైంది, మూడో మలుపుకు చుక్కైంది. దేవదానం, దేవదానం అని మల్లికార్జున్ నోరు దానంతటదే గొణుగుతోంది.

స్ట్రెయిట్‌లో ఆమె నూట ఎనభైలో పోతోంది. గురువు మాట జవదాటని శిష్యురాలు. వంద మీటర్ల బోర్డు దాకా పెడల్ ముట్టుకోలేదు. బోర్డు దగ్గర బ్రేక్ తొక్కింది.

సరిగ్గా అక్కడే, ఐదు నిమిషాల కిందట, సుంకన్న మనుషులు ఇరవై ఒక్క గుమ్మడికాయలు పగలగొట్టారు. గుజ్జు, కుంకుమ నీళ్ళు, తారు మీద జిడ్డు. పండగ మర్నాడు బెంగుళూరు రోడ్ల మీద స్కూటర్లు ఎందుకు పడతాయో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు, జెనీవాలో పెరిగినవాళ్ళకు తప్ప. ఎర్ర కారు తిరగలేదు. నేరుగా గులకరాళ్ళలోకి దూసుకెళ్ళి, నలభై మీటర్లు దున్ని, తలుపుల దాకా దిగబడి ఆగింది.

మల్లికార్జున్ వచ్చేసరికి సుంకన్న ఆమెను బయటికి లాగి పడుకోబెట్టాడు. లేస్తానని ఆమె గింజుకుంటోంది.

"అమ్మా, లేయొద్దు. ఎముకలేమన్నా ఇరిగింటాయి. ఆంబులెన్స్ వచ్చేదాకా నేనైతే ఇడ్సను," అంటున్నాడతను, రెండు భుజాలూ నేలకు అదిమిపెట్టి.

పక్కన పెట్టె. దాని మీద ఎర్రదీపం సిగ్నల్ కోసం వెతుకుతూ ఆరి వెలుగుతోంది. గ్రావెల్ పల్లంలో ఉంది, ఎదురుగా గుట్ట అడ్డం. ఎందుకైనా మంచిదని మల్లికార్జున్ దాని బ్యాటరీ వైరు పీకేశాడు. పదకొండూ పంతొమ్మిది నిమిషాల యాభై సెకన్లు. అతను ఊపిరి తీసుకునేలోపే చెరువు అవతల హోరు లేచింది. విమానం వాళ్ళ నెత్తి మీదుగా తిన్నగా పైకి పోయింది. కూలీలు దండం పెట్టారు. మల్లికార్జున్ కళ్ళు తుడుచుకున్నాడు. ఎండ అనుకోవచ్చు ఎవరైనా.

మౌనిక ఒంటి మీద గీత కూడా లేదు. నువ్వు గోడే ఉంచితే ఈపాటికి చచ్చేదాన్ని, అంది.

"ఆ రోజు మీరు ఫోన్ ఎత్తకుండా ఉంటే చెప్పేవాణ్ణి," అన్నాడు. "మంచి సర్క్యూట్ తప్పు చెయ్యమని రెచ్చగొట్టాలి. చేశాక ప్రాణాలతో వదలాలి. ప్రసాద్‌కు మీరు ఆ రెండోది ఇవ్వలేదు."

చీఫ్ మనుషులు వచ్చి ఆమెనూ, బొట్టు చెదరని ఫెల్నర్‌నూ తీసుకుపోయారు.

మధ్యాహ్నం దేవదానం ఫోన్ చేశాడు.

"ట్రయల్ అయిపోయిందిరా. ఏమీ జరగలేదు, బోర్ కొట్టింది. నువ్వేం చేస్తున్నావ్?"

"రోడ్డు చూస్తున్నా," అన్నాడు మల్లికార్జున్.

అబద్ధం కాదు. ఇన్‌స్పెక్టర్ ఫారం ఇంకా ఖాళీగా ఉంది. సుంకన్న వాళ్ళ కూలి లెక్క తేలాలంటే ఎవరో ఒకరు దాన్ని నింపాలి. మారుతి బానెట్ మీద కాగితం పెట్టుకుని రాశాడు. టవర్: తప్పు వైపు చూస్తోంది, తిరిగి కట్టాలి. నాలుగో మలుపు, గ్రావెల్ ట్రాప్: పరీక్షించాను, బాగుంది. మిగతా సూచనలు: బ్రేక్ వేసే చోట గుమ్మడికాయ కొట్టరాదు.

ఒక నిమిషం ఆలోచించి, చివరి వాక్యం కొట్టేశాడు.