తిప్పేసిన కెమెరా

ఆ మధ్యాహ్నం మా రూలన్ బాబాయి గుడారం ముందు కూచుని బంగాళాదుంపలు వేయిస్తూ పాటెత్తుకున్నాడు. రాగం లేదు, తాళం లేదు.

"నీ పాటకి ఈ కొండ మీది ఎల్క్ దుప్పులన్నీ పక్క కౌంటీకి పారిపోతాయి బాబాయ్" అన్నాను.

"పోనీలేవే. నా కూత వింటే అవే తిరిగొస్తాయి."

ఆ పొగరుకి ఆయన తగినవాడే. ఐడహోలో మా వైపు ఆడ ఎల్క్ కూతని ఆయనలా కూసేవాళ్ళు లేరు. చిన్న రబ్బరు పొరని అంగిటికి ఆనించుకుని ఊదితే, పక్కనే కూచున్న నేను కూడా నిజంగా ఆడ దుప్పి వచ్చిందేమోనని తల తిప్పేదాన్ని. మా అన్న థేన్ విల్లు పడతాడు. నేను, వెల్డాని, కెమెరా పడతాను. ఇంటికెళ్ళాక ఆ వీడియోని కత్తిరించి, అతికించి జనానికి చూపించేది కూడా నేనే.

మా వేటంతా ప్రభుత్వ అడవిలోనే. కంచె వేసి మేపిన దుప్పిని కొట్టడం మాకు నామోషీ. ప్రభుత్వ అడవి అంటే మరి ఎవడైనా రావచ్చు. వీడియోలో మన కొండ అంచు కాస్త కనబడిందా, వచ్చే ఏడు అక్కడ సంతే. అందుకే నాకు ప్రతి బండి మీదా అనుమానమే. కాలిబాట మొదట్లో ఒక బూడిదరంగు ట్రక్కు ఆగి ఉంటే, "వీడు మన వెనకాలే వచ్చాడు" అన్నాను.

"మనకంటే ముందొచ్చినవాడు వెనకాల ఎలా వస్తాడే మొద్దూ?" అన్నాడు థేన్. బాబాయి పడీపడీ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

దుంపలు తింటుండగా మళ్ళీ పాత గొడవే లేచింది. కిందటేడు వీడియోలో బాణం వదలడం దాకా చూపించి, ఆ తర్వాత చచ్చి పడున్న పోతు దుప్పిని చూపించాను. మధ్యలో దానికి తగలడం, అది తూలడం, ఆ నురగ, అవన్నీ కత్తిరించేశాను. చూసినవాళ్ళు ఊరుకుంటారా? ఎవడో కొట్టిన దాని పక్కన కూచుని ఫొటో దిగారన్నారు. అప్పట్నుంచీ థేన్ కడుపులో ఆ మంట అలాగే ఉంది.

"ఈసారి బాణం తగలడం జనం చూడాలి. కెమెరా పక్కకి తిప్పావంటే ఇక నీకూ నాకూ మాటల్లేవు."

"చచ్చేదాని మొహం నేను చూపించను అన్నయ్యా."

"తినేటప్పుడు లేని సిగ్గు చూపించేటప్పుడు ఎందుకే?" అన్నాడు బాబాయి.

"మనం తింటాం బాబాయ్. వాళ్ళు ఊరికే చూస్తారు."

"ఏమో అమ్మాయ్, నాకు తెలీదు. మీరిద్దరూ కొట్టుకుచావండి" అని ఆయన మూకుడు గీకడం మొదలుపెట్టాడు. నన్ను "అమ్మాయ్" అని ఆయన తప్ప ఇంకెవరూ పిలవరు.

ఎండ వాలే వేళకి పైన మిట్ట మీదికి వెళ్ళాం. బాబాయి ఎప్పటిలాగే మాకు బాగా కిందుగా, పడిపోయిన ఒక మాను పక్కన కూచున్నాడు. ఒంటి మీద ఎర్ర గళ్ళ ఉన్ని కోటు. దుప్పులకి ఎరుపు కనబడదు కాబట్టి బాధలేదు. కూసేవాడు వెనక, కొట్టేవాడు ముందు. పోతు కూత వెతుక్కుంటూ వస్తూ కొట్టేవాడి ముందు నుంచి పోవాలి, అదీ ఏర్పాటు. బాణం వదిలాక మేం ఈల వేసేదాకా బాబాయి కూచున్న చోటు నుంచి లేవకూడదు. లేచి తిరిగితే విల్లు పట్టినవాడికి మనిషెటున్నాడో తెలీదు. మా చిన్నప్పటి నుంచీ ఇదే కట్టుబాటు, ఆయనే పెట్టాడు. ఆ ఈల కూడా మా ఇంటి ఈల, బయటివాళ్ళకి రాదు.

చల్లగాలి లోయలోకి జారుతోంది. ఫర్ చెట్ల కింద అప్పటికే చీకటి. కింద నుంచి బాబాయి కూత మొదలుపెట్టాడు. మెత్తగా, ముద్దుగా. కాసేపటికి ఎదర చెట్లలోంచి పోతు అరుపు వచ్చింది. సన్నగా మొదలై, పైకి లేచి, గుర్రుమని ఆగింది.

"అది మనిషి గొంతు. ఆ ట్రక్కు వాడే" అని గుసగుసలాడాను.

"నోర్ముయ్" అన్నాడు థేన్.

అప్పుడు వాసన తగిలింది. మదమెక్కిన పోతు వాసన. ఉచ్చ, బురద, తడిసిన వెంట్రుకలు. మనిషి కాదని ఒప్పుకున్నాను. కొమ్మలు విరిగాయి. ముందు కొమ్ములు కనబడ్డాయి, తర్వాత మెడ, తర్వాత మొత్తం. ఎంత అందంగా ఉందో చెప్పలేను. ఫ్రేము నిండా అదే. దాని వెనక, చెట్ల మధ్య చీకట్లో, ఏదో కాస్త ఎర్రగా ఉంది. హకిల్‌బెర్రీ పొద అనుకున్నాను. సెప్టెంబరులో అవి ఎర్రబడతాయి.

థేన్ విల్లు లాగాడు.

అతని వేళ్ళు సడలే ముందు నేను కెమెరా తిప్పేశాను. కావాలనే. పోతు మీద నుంచి మా అన్న మొహం మీదికి.

థప్... అని చప్పుడు. తర్వాత గిట్టల మోత, కొమ్మలు విరిగే మోత. తర్వాత ఏమీ లేదు.

"తగిలింది" అన్నాడు థేన్. ఆ మాట అనడానికి అతను చాలాసేపు తీసుకున్నాడు.

బాణం తగిలిన జంతువు వెంట వెంటనే పడకూడదు. తరిమితే బెదిరి కొండ దాటిపోతుంది, చేతికి చిక్కకుండా ఎక్కడో చస్తుంది. కదలకుండా కూచుని ఆగాలి. ఆగినంతసేపూ మా పని ఒకటే, ఇప్పుడే తీసింది చిన్న తెర మీద మళ్ళీ చూసుకోవడం. ఎక్కడ తగిలింది? ఊపిరితిత్తులా, పొట్టా? దాన్ని బట్టి ఎంతసేపు ఆగాలో తెలుస్తుంది. చూశాం. పోతు ఉంది, పోతు వెనక ఎరుపు ఉంది. అంతే, తెర మీదికి థేన్ మొహం వచ్చేసింది.

తిడతాడని చెవులు మూసుకోబోయాను. తిట్టలేదు. హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు. మధ్యాహ్నం నన్ను బెదిరించిన మనిషి, నేను కెమెరా తిప్పేశానని తెలిసి నెమ్మదించాడు.

"అన్నయ్యా, ఈ ఎర్రగా ఉన్నదేంటి?"

"పొద."

"మనిషెత్తు పొదెక్కడ్నుంచి వచ్చింది?"

"పొదే అన్నానుగా."

"బాబాయి కోటులా లేదూ?"

అతను జవాబు చెప్పేలోపు కింద నుంచి కూత వినబడింది. బాణం వదిలాక బాబాయి ఎప్పుడూ కూసే కూత. దెబ్బతిన్నది బెదరకుండా, "ఏం కాలేదులే, ఆగు, ఇక్కడే ఉన్నాం" అన్నట్టుండే మెత్తటి కూత.

"విన్నావుగా? ఆయన కిందే ఉన్నాడు" అన్నాడు థేన్. నా ప్రాణం లేచొచ్చింది. కళ్ళు కూడా చెమర్చాయి. థేన్ రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని మా ఇంటి ఈల వేశాడు.

జవాబు వచ్చింది. కింద నుంచి కాదు. ఎదర, పోతు పారిపోయిన చెట్లలోంచి.

"అమ్మాయ్..."

నీరసంగా. ఏదో పనిలో ఉండి పిలిచినట్టు.

అదే క్షణంలో కింద కూత. ఇక్కడ మాట, అక్కడ కూత, రెండూ ఒకేసారి. ఒక మనిషికి రెండు నోళ్ళు ఉండవు కదా.

"ఆ చెట్లలోకి పోదాం పద అన్నయ్యా, బాబాయికి తగిలినట్టుంది..."

"కిందికి." నా చెయ్యి పట్టుకున్నాడు. వదలడం లేదు. "కిందికే వెల్డా. కూసేది ఆయనే. ఆ చెట్లలో మాట్లాడేది... నీ ట్రక్కు వాడేమో."

"వాడికి నన్ను అమ్మాయ్ అని పిలవడం ఎలా తెలుసు?"

లాక్కుపోయాడు. ఎదరకి వెళ్ళడానికి మా అన్న ఎందుకంత భయపడుతున్నాడో అడగాలనుకున్నాను. రాళ్ళ మీద జారుతూ, పడుతూ దిగాం.

పడిపోయిన మాను ఉంది. దాని పక్కన బాబాయి సంచీ ఉంది. ఫ్లాస్కు మూతలో కాఫీ ఇంకా వెచ్చగానే ఉంది. ఆయన రబ్బరు పొరలు పెట్టుకునే డబ్బా మాను మీద ఉంది. తెరిచాను. అన్నీ లోపలే ఉన్నాయి. అంటే ఆయన నోట్లో ఏదీ లేదు, కూసింది ఆయన కాదు.

బాబాయి లేడు.

అప్పుడు కూత వినిపించింది. పైనుంచి. ఇందాక మేమిద్దరం కూచున్న చోటు నుంచి. అదే మెత్తటి కూత... ఆగు, ఏం కాలేదు, బెదరకు... దెబ్బతిన్నది దూరం పోకుండా ఆపే కూత. ఈసారి అది మా కోసమే. మమ్మల్ని ఎవరో నిలబెడుతున్నారు. నిజం చెబుతున్నాను, నా కాళ్ళు ఆగిపోయాయి. థేన్ కాళ్ళు కూడా.

"దీపం వెయ్యి" అన్నాను. "వేసి నడు. ఆ చెట్లలోకే. ఆయన అక్కడ నెత్తురోడుతూ ఉంటే నిన్ను జన్మలో క్షమించను."

నుదుటి దీపాలు వేసుకుని పరిగెత్తాం. మిట్ట దాటేటప్పుడు పక్కకి చూడలేదు. చెట్లలోకి దూరగానే దీపం వెలుగులో ఎర్ర కోటు కనబడింది. బాబాయి ఒక ఫర్ చెట్టుకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూచున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"వచ్చారా? ఎంతసేపు?" అన్నాడు.

ఏడుపొచ్చేసింది. మీద పడి తడిమాను. నెత్తురు లేదు. కోటు ముందువైపు, గుండె కాడ, చిన్న చిల్లు ఉంది. వెనక వీపు దగ్గర కూడా అలాంటిదే.

"ఇదేంటి బాబాయ్?"

"ముళ్ళకంచె గీరుకుందిలే."

ఆ కొండ మీద కంచె లేదు.

"నువ్విక్కడికి ఎందుకొచ్చావు? ఈల వెయ్యకుండా ఎందుకు లేచావు?"

"వేశారుగా. మీరు ఈల వేస్తేనే వచ్చాను. పోతు రాకముందే వేశారు."

థేన్ నేల మీద దీపం తిప్పుతూ వెతుకుతున్నాడు. పోతు నెత్తురు చుక్క కూడా లేదు. బాణం లేదు. ఒక్క గిట్ట గుర్తు కూడా లేదు. దిగుతున్నంతసేపూ బాబాయి మా మధ్యలో నడిచాడు. చక్కగా, ఒగర్పు లేకుండా నడిచాడు. ఒక్క మాటా అడగలేదు. ఎక్కడ తగిలింది, పడిందా, దొరికిందా, ఏమీ అడగలేదు. వేటలో ముసలైపోయిన మనిషి ఆ మాట అడగకుండా ఉండగలడా? ఆ రాత్రంతా నేను గుడారంలో ఆయన వైపు మొహం పెట్టే పడుకున్నాను. వీపు పెట్టడానికి ధైర్యం చాల్లేదు. తెల్లారి దిగేసరికి బూడిదరంగు ట్రక్కు ఉన్నచోటే ఉంది. టైర్ల మీద పైన్ ఆకులు మేటలు వేసి ఉన్నాయి. ఎవరో వదిలేసి పోయిన బండి.

వీడియో పెట్టలేదు. చలికాలమంతా ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ చూశాను. పోతు. ఎరుపు. మా అన్న మొహం. బాణం వదిలే ముందు అతని కనుబొమలు ఒక్కసారి పైకి లేచాయి, ఎవరినో గుర్తుపట్టినట్టు. వేళ్ళు అప్పటికే సడలుతున్నాయో, ఇంకా ఆపగలిగి ఉండేవో తెలీదు. నేను కెమెరా తిప్పకుండా ఉంటే తెలిసేది. చావు చూపించడం సిగ్గుచేటని పెద్ద నీతులు చెప్పాను. ఇప్పుడు మా అన్న హంతకుడో కాదో చెప్పగలిగిన ఒక్క క్షణం నా దగ్గర లేదు, నేనే పారేసుకున్నాను.

"అది చెరిపెయ్ వెల్డా" అన్నాడు థేన్ ఒకరోజు.

"ఏం చూశావో చెప్పు. చెరిపేస్తాను."

లేచి వెళ్ళిపోయాడు.

ఓరా పిన్నికి మాత్రం ఏ అనుమానమూ లేదు. పైగా సంబరం. "మీ బాబాయి ఎంత మారిపోయాడే! కోపం లేదు, కేకల్లేవు. దగ్గు కూడా పోయింది" అంటుంది. నిజమే. రాత్రిళ్ళు ఆయన వాకిట్లో నిలబడి గాలికెదురుగా మొహం పెట్టుకుని ఉంటాడట. కూయమని పిల్లలడిగితే, ఇక పిలవాల్సిన పనిలేదని నవ్వుతాడట.

ఎండలు ముదిరాక చేపలకని చెప్పి థేన్ ఒక్కడే బయల్దేరాడు. గేలం కర్ర గరాజులోనే ఉంది. ఆ కొండ మీద వెతకడానికే వెళ్ళాడని నాకు తెలుసు. నేను ఎవరికీ చెప్పలేదు. అతనూ చెప్పలేదు. తిరిగొచ్చిన ఆదివారం అందరం బాబాయి ఇంట్లో భోజనానికి కూచున్నాం. థేన్ గోళ్ళలో మట్టి ఉంది. పిన్ని ప్రార్థన ముగించి వంటకాలు అటూ ఇటూ అందిస్తోంది.

బాబాయి రొట్టెకి వెన్న రాసుకుంటూ, తలెత్తకుండా థేన్‌ని అడిగాడు.

"కనిపించానా రా?"

బల్ల దగ్గర ఎవరికీ ఆ మాట అర్థం కాలేదు. పిన్ని చిక్కుళ్ళ గిన్నె పట్టుకుని అలాగే నవ్వుతోంది. నేను మా అన్న మొహం చూశాను. కనుబొమలు ఒక్కసారి పైకి లేచి దిగాయి.

"లేదు బాబాయ్" అన్నాడు థేన్.

"మంచు ఇంకా పూర్తిగా కరగలేదేమోలే" అన్నాడు బాబాయి. "ఈసారి అమ్మాయిని కూడా తీసుకెళ్ళు."

ఆ మాట అని, పిన్ని వైపు తిరిగి ఉప్పు అందించమన్నాడు.