మొహమాటం లేని కవ్వం

అరుణపురిలో అన్నం మెత్తబడిందని అలిగిన మొగుడు పెళ్ళాం మీద కేకలు వెయ్యడు. ఆఫీసుకి బయల్దేరేలోపు కుక్కర్‌కి నాలుగు లైన్ల స్క్రిప్ట్ రాసి పడేస్తాడు. సాయంత్రానికి అన్నం పలుకుగా వస్తుంది, లేకపోతే మాడుతుంది. మాడితే పక్కింటావిడ వచ్చి, ముసిముసిగా నవ్వుతూ సరిచేసి పోతుంది.

అంగారకుడి మీద వెలిసిన ఆ ఊళ్ళో పొయ్యికీ తలుపుకీ కుళాయికీ, ఊరంతటికీ ఊపిరి పంపే గాలి గొట్టాలకీ కూడా మూలపాఠం ఉంటుంది. భూమ్మీద సోర్స్ కోడ్ అనేవారు. అందులో దాపరికం లేదు, ఎవరైనా చదవచ్చు, ఎవరైనా మార్చచ్చు. మనిషి రాసిన ఆ పాఠాన్ని యంత్రానికి తెలిసే అంకెల్లోకి చిలికే కంపైలర్‌కి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘కవ్వం’. దాని వంశం భూమ్మీదిదే. ఒకప్పటి యూనిక్స్ తరహా కంప్యూటర్లలో, జీతం కోసం కాక ఇష్టంకొద్దీ రాసినవాళ్ళ చేతుల్లో పుట్టింది.

మార్పుని ‘అతుకు’ అంటారు. కుక్కర్‌కి వేసే అతుకుని అడిగేవాడు లేడు. గాలికో నీటికో, కవ్వానికే వేసే అతుకైతే మాత్రం, రాసినవారు కాక ఇంకొకరు చదివి, వేలిముద్ర వేసి ‘చూశాను’ అనాలి. అప్పుడుగాని కవ్వం తిరగదు. చక్కటి ఆచారమే. కానీ అందరూ చదవచ్చు కాబట్టి ఎవరో ఒకరు చదివే ఉంటారని అందరూ అనుకునేవారు. పైగా తెలిసినవాడు పక్కన నిలబడి వేలిముద్ర అడిగితే, వాడి ముందే పాఠం తెరిచి తప్పులు వెతకడానికి ఎంత మొహమాటం!

అద్దాల గోడల మధ్య ఊరికి కూరగాయలు పెంచే గాజుతోటలో ప్రమాదం అలాగే జరిగింది. గాలి తగ్గితే కవాటం తెరవమనాల్సిన చోట, గాలి పెరిగితే తెరవమని రాశాడు గాలి గొట్టాల పని చూసే జోసెఫ్ రత్నం. గుర్తు ఒక్కటి తిరగబడింది, అంతే. తోటపని చేసే యాదమ్మ ప్రాణాలతో బయటపడింది గాని ఊపిరితిత్తులు పాడయ్యాయి. అప్పట్నుంచీ ముక్కుకి గొట్టంతోనే తిరుగుతోంది. విచారణలో రాసిందెవరని అడిగారు, రత్నం తలొంచుకున్నాడు. గాలి గొట్టాల జోలికి మళ్ళీ రాకూడదని తీర్పు చెప్పారు. చూసిందెవరని ఎవరూ అడగలేదు.

చూసింది ఇందుమతి, కవ్వాన్ని కనిపెట్టుకుని ఉండే పెద్ద ఇంజనీరు. క్యాంటీన్‌లో ఒక చేత్తో ఉప్మా ప్లేటు పట్టుకుని, రెండో చేతి బొటనవేలు రత్నం చాచిన వేలిముద్ర పలక మీద ఆనించింది. పాఠం తెరవనైనా లేదు. ఆ సంగతి రత్నానికి తెలుసు. ఎక్కడా అనలేదు. అతను అననందుకే ఆమెకి అన్నం సయించేది కాదు.

ఆ బాధలోంచే కొత్త కవ్వం పుట్టింది. అతుకుని తనే చదివి, తనే బేరీజు వేసి, చెడ్డదైతే తోసిపుచ్చే కవ్వం. ఇకమీదట మనిషి వేలిముద్రతో పనిలేదు. ఏడాదిగా ఊళ్ళోవాళ్ళు పెట్టిన పరీక్షలన్నిటిలో నెగ్గింది. దాన్ని అమల్లోకి తెచ్చే రోజున సభకి ముందే రత్నాన్ని పిలిపించుకుంది ఇందుమతి. అతని నిషేధం ఎత్తేయించింది కూడా ఆమే.

హాలు దాటుతుంటే ముందు వరసలోంచి యాదమ్మ ఆపింది.

“మేడం, గిదొస్తే మళ్ల ఎవరికీ నా లెక్క కాదు గదా?”

“కాదు యాదమ్మా,” అని గబగబా యంత్రాల గదిలోకి నడిచింది ఇందుమతి.

“ఆఖరి పరీక్ష,” అంది రత్నంతో. “గాజుతోట అతుకునే ఇస్తాను, నా పేరుతో. వేలిముద్ర పడదు కాబట్టి గొట్టాల దాకా పోదు. నీ ఎదుటే అది తప్పు పట్టుకోవాలి.”

“ఇప్పుడదంతా ఎందుకులే ఇందూ,” అన్నాడు రత్నం.

ఆమె వినలేదు. అతుకు పంపింది. రెప్పపాటులో జవాబొచ్చింది.

“చూశాను,” అంది కవ్వం.

ఇందుమతి తెర మీదికి వంగింది. “ఏం చూశావు? కవాటం చదివావా?”

“లేదండీ. ఇందుమతిగారు రాశారంటే చదవక్కర్లేదు.”

“ఎవరు చెప్పారు నీకు?”

“పరిశీలన ఎలా చెయ్యాలో ఈ ఊరి పెద్దల పాత వేలిముద్రల్ని చూసి నేర్చుకోమన్నారు. వాళ్ళు కొత్తవాళ్ళ పాఠాన్ని తెరిచి చదివారు. నమ్మకస్తులది తెరవకుండానే ‘చూశాను’ అన్నారు. అందరికన్నా ఎక్కువగా మీరు. నేను మీ పద్ధతే పట్టుకున్నాను.”

రత్నం కిటికీ వైపు తిరిగాడు. ఆమెని సిగ్గుపడనివ్వడానికి అతనికి అంతకన్నా దారి తోచలేదు.

“సభ వాయిదా వేద్దామా?” అన్నాడు.

వాయిదా వెయ్యాలంటే కారణం చెప్పాలి. కవ్వానికి ఆ గుణం ఎవరి దగ్గర అబ్బిందో యాదమ్మ ముందు విప్పాలి. ఇందుమతికి ఆ ధైర్యం చాలలేదు. “అక్కర్లేదు. రాసినవాళ్ళ పేరు దానికి కనపడకుండా చేస్తే సరి,” అంటూ కూర్చుని హడావుడిగా అతుకు రాసింది. అవతల హాల్లో జనం కుర్చీలు జరుపుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. రాసింది తిరిగి చదువుకునే తీరిక లేకపోయింది.

కవ్వం ‘చూశాను’ అంది. పేరు ఇంకా కనపడుతోంది మరి, అనకేం చేస్తుంది? ఇక మనిషి వేలిముద్ర ఒక్కటే కావాలి. ఆ ఊళ్ళో అదే చివరి వేలిముద్ర. ఇందుమతి పలకని రత్నం ముందు పెట్టింది. అతను దాని వంక చూడకుండానే బొటనవేలు ఆనించాడు.

“రత్నం, చదవ...”

“ఆ రోజు నువ్వు నన్ను నమ్మావు. అందరూ తలోమాటా అన్నప్పుడు ఆ నమ్మకమే నన్ను నిలబెట్టింది ఇందూ. ఇవాళ నీది నేను తెరిచి చూస్తే మనిషినేనా?”

అతని కళ్ళు చెమర్చాయి. అది నమ్మకం కాదు, బద్ధకం అని చెప్పాలి ఆమె. చదివి తీరమని కాళ్ళావేళ్ళా పడాలి. ఇన్నేళ్ళూ ఆ ఒక్క మాట పట్టుకుని బతికినవాడితో ఆ ముక్క అనడానికి ఆమెకి నోరు రాలేదు.

కవ్వం తిరిగింది. ఎవరూ చదవని పాఠం కవ్వంలో కలిసి, దాని గుండా ఊరి గాలి గొట్టాలన్నిటికీ చేరిపోయింది. ఇద్దరూ హాల్లోకి రాగానే చప్పట్లు మోగాయి. గొట్టం సర్దుకుంటూ యాదమ్మ లేచి నిలబడి మరీ కొట్టింది. రత్నం కొట్టాడు. అందరూ తన వంకే చూస్తున్నారని ఇందుమతి కూడా కొట్టింది.