మెట్ల మీద ఒట్టు

"ఓ పిల్లా! నీళ్లు మడమలు దాటాయే! ఇంకా ఆ బల్ల మీద బొమ్మలా కూర్చున్నావేం? పైకి రావే తల్లీ!"

మెట్ల మలుపులో పీట వేసుకుని కూర్చున్న అత్తగారి కేక అది. చిన్నకోడలు వినీ విననట్టు అద్దకం బల్ల మీద బాసింపట్టు వేసుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది. గడప దాటిన ఎర్రనీళ్లు గదంతా పరుచుకున్నాయి. దండేల మీది గుడ్డలన్నీ మూటలై పైకి వెళ్లిపోయాయి. రంగు డబ్బాలు వెళ్లాయి. కూతురు వెళ్లింది. కట్టుకున్న మొగుడు కూడా "ఒట్టు నువ్వేసుకున్నావు గానీ నేనేసుకోలేదుగా!" అని దిండు చంకన పెట్టుకుని మరీ వెళ్లాడు. ఆఖరికి ఇంట్లో పిల్లి కూడా ఎవరూ పిలవకుండానే పైకెక్కింది! ఈవిడ ఒక్కతే మిగిలింది...

అసలు ఆ వీధిలో కాపురముండే మనిషి ఏ ఒట్టైనా వేసుకోవచ్చు గానీ, మెట్లెక్కనని మాత్రం వేసుకోకూడదు. ఏరు వీధి చివరే ఉంది. ఎగువన ఎక్కడో గట్టిగా కురిసిందంటే చాలు, ఇక్కడ చుక్క పడకపోయినా సరే, చుట్టపుచూపుగా ఇళ్లలోకొచ్చి, రెండు మూడు రోజులుండి, బురద మిగిల్చి పోతుంది. ఎండలు ముదిరితే అదే ఏరు ఇసుక తప్ప మరేమీ చూపించదు. అప్పుడు ఇంటి కుళాయిల్లో వచ్చే సన్నటి ధార పై అంతస్తుకి ఎక్కదు. అందుకే ఆ ఇంట్లో ఒక ఏర్పాటు ఉండేది. వరదొస్తే కింద ఉండే చిన్నకోడలి సంసారం పైకెళ్లేది. ఎండలొస్తే పైన ఉండే పెద్దకోడలి సంసారం కిందికి దిగేది. ఏడాదిలో సగం రోజులు ఎవరో ఒకరు మంచాలు మోస్తూనే ఉండేవారు! అయినా ఎవరూ విసుక్కోలేదు. పైన పెద్దావిడ బట్టలు కుట్టేది. ఆ బట్టల రంగుకి సరిపడేలా కింద చిన్నావిడ లైనింగు గుడ్డలకి రంగులద్దేది. ఒకరి పని లేనిదే ఇంకొకరి పని లేదు.

అలాంటి ఇంట్లో మొన్నటి వేసవి చిచ్చు పెట్టింది! ఎన్నడూ లేని కరువు. వీధి కుళాయి దగ్గర దోసెడు నీళ్ల కోసం జనం జుట్లు పట్టుకున్నారు. పైవాళ్లింకా మంచాలు దించకముందే, ఒక రోజు పెద్దకోడలు ఖాళీ బిందెతో కిందికి దిగేసరికి, చిన్నకోడలు తొట్టెలో మిగిలిన రంగునీళ్లు కాలవలోకి వంచుతోంది. అంతే!

"పిల్లలకి గొంతు తడపడానికి చుక్క లేక చస్తుంటే, నువ్వు నీళ్లు కాలవపాలు చేస్తావుటే? కళ్లు పోతాయి!"

"మరి పని మానేసి నోట్లో వేలు పెట్టుకుని కూర్చోమంటావా అక్కా? నా కుళాయి, నా నీళ్లు... నా ఇష్టం!"

ఆ 'నా' అన్న మాట నోట్లోంచి ఊడిపడగానే చిన్నకోడలికి నాలుక కొరుక్కోవాలనిపించింది. కానీ అప్పటికే పెద్దకోడలి ముఖం తెల్లగా పాలిపోయింది. బిందె చంకనెత్తుకుని, "అలాగా! అయితే నీ మీద ఒట్టు... చచ్చినా నీ కుళాయి నీళ్లు చుక్క ముట్టను!" అంది.

"నేనూ అంతే! ఏరు పీకల దాకా వచ్చినా నీ మెట్లు తొక్కితే ఒట్టు!" అని ఈవిడా అరిచేసింది. కోపమొస్తే ముందూ వెనకా చూసుకునే మనిషి కాదుగా!

ఆనాటి నుంచి పెద్దకోడలు వీధి మలుపులో ఆగే ట్యాంకరు దగ్గరికెళ్లి నీళ్లు మోసుకోవడం మొదలుపెట్టింది. వేసవి పోయినా మానలేదు. నడుం మీద బిందెతో, రొప్పుతూ ఆవిడ తన గుమ్మం ముందు నుంచే మెట్లెక్కుతుంటే, చిన్నకోడలు తలుపు చాటున నిలబడి ఎన్నిసార్లు ఏడ్చిందో! 'అక్కా, ఇలా ఇవ్వు' అని ఒక్క మాట... గొంతు దాకా వచ్చేది, పెదవి దాటేది కాదు. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు తనకి బియ్యం కడగడం కూడా చేతకాదు. పురిటినొప్పులప్పుడు తన చెయ్యి వదలకుండా రాత్రంతా కూర్చున్నది ఎవరు? అమ్మ పోయినప్పుడు తనని ఒళ్లో పడుకోబెట్టుకున్నది ఎవరు? ఆ మనిషినా తను నీళ్ల కోసం అంతేసి మాటలన్నది? ఛీ, ఏం బతుకు!

అత్తగారు మాత్రం ఎవరి పక్కనా చేరలేదు. గొడవైన రోజే మెట్ల మలుపులో పీట వేసుకుంది. "పైదీ నా కోడలే, కిందిదీ నా కోడలే. ఇద్దరూ మాట్లాడుకునే దాకా నా మకాం ఇక్కడే!" అంది. వీధిలో వాళ్లు ఆవిడకి జడ్జిగారని పేరు పెట్టారు.

వరద మర్నాటికి కూడా తగ్గలేదు. పైగా ఆకాశంలో మబ్బు తునక లేదు. కింద మోకాలి లోతు నీళ్లు, పైన మాడ్చేసే ఎండ! చిన్నకోడలికి తిండికేం లోటు రాలేదు. పైన వండింది అత్తగారి చేతులు మారి బల్ల మీదికి వచ్చేది. బల్ల మీద నిలబడితే అటక అందుతుంది. కరువు నేర్పిన బుద్ధితో ఇంట్లో ఉన్న ప్రతి గిన్నెలోనూ నీళ్లు పట్టి, మూతలకి గుడ్డలు కట్టి, అటక నిండా దాచుకుందావిడ. వీధిలోకి ట్యాంకరు రాదు కాబట్టి రెండు బిందెలు మొగుడి చేత పైకి పంపించింది కూడా. 'అందరికీ పొయ్యండి' అని మరీ మరీ చెప్పింది. ఆ 'అందరికీ' అన్నది ఎవరి కోసమో ఆయనకీ తెలుసు, అత్తగారికీ తెలుసు.

మధ్యాహ్నం కూతురు మెట్ల మలుపు దాకా దిగొచ్చింది. నాయనమ్మ భుజం మీంచి తొంగిచూస్తూ ఏడుపు గొంతుతో పిలిచింది.

"అమ్మా... పెద్దమ్మకి కళ్లు తిరిగాయే. మిషను దగ్గరే ఒరిగిపోయింది. మంచమెక్కించారు."

చిన్నకోడలు బల్ల మీద గబుక్కున లేచి నిలబడింది. "ఏమైందే? నీళ్లు... నీళ్లు తాగించారా?"

"మాకందరికీ పోసింది. తను మాత్రం నిన్నటి నుంచీ ముట్టలేదమ్మా! పెదనాన్న బతిమాలినా, నాన్న బతిమాలినా మొహం తిప్పేసుకుంటోంది!"

'ఎంత పంతం! ఎంత పంతమక్కా నీకు! ప్రాణం మీదికొచ్చినా నా నీళ్లు తాగవా? నామీద అంత కసా?' అని కుమిలిపోయింది చిన్నకోడలు. కసి ఉంటే ఉండనీ. తిడితే తిట్టనీ. అటక మీంచి బిందె లాగి చంకకెత్తుకుంది. బల్ల మీంచి నీళ్లలోకి దిగింది. చీకటి గదిలో కాళ్లకి ఏవేవో తగులుతున్నా లెక్క చెయ్యకుండా ఈడ్చుకుంటూ మెట్ల దాకా వచ్చింది. ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఎక్కేసింది! అత్తగారు పీటతో సహా పక్కకి జరిగి దారిచ్చింది. నోరెత్తితే ఎక్కడ వెనక్కి తిరుగుతుందో అని కొంగు నోట్లో కుక్కుకుంది పాపం ఆవిడ.

తలుపు గడియ వేసి లేదు. మంచం మీద పెద్దకోడలు కళ్లు మూసుకుని ఉంది. పెదాలు ఎండి బీటలు వారాయి. కాళ్ల దగ్గర ఆవిడ భర్త విసనకర్రతో విసురుతూ దిక్కుతోచక కూర్చున్నాడు.

"అక్కా!"

పెద్దకోడలు ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. తడిసిన బట్టలతో, చంకన బిందెతో గుమ్మంలో నిలబడ్డ తోటికోడల్ని ఎగాదిగా చూసింది. "ఎక్కావా... ఇప్పటికి ఎక్కావా! నిన్నటి నుంచీ ఆ నీళ్లలో నువ్వేమైపోతావో అని నా ప్రాణాలు పోతున్నాయే, దొంగమొహమా!" అంది నీరసంగా.

"నా సంగతి తర్వాత. ముందు నువ్వు తాగు." గ్లాసు నింపి నోటి దగ్గర పెట్టింది చిన్నకోడలు. పెద్దకోడలు తల తిప్పేసుకుంది.

"ఇంకా పంతమేనా? నేను నా ఒట్టు తప్పి వచ్చాను కదా! కాళ్లు పట్టుకోమంటావా? పట్టుకుంటాను! నా కుళాయి అన్నది నేను, బుద్ధి లేనిది నేను... నువ్వెందుకు ప్రాణం తీసుకుంటావు?"

"పంతమంటావుటే దీన్ని!" పెద్దకోడలు మోచేతుల మీద లేచింది. కళ్ల వెంట బొటబొటా నీళ్లు. "నా మెట్లెక్కనని నువ్వు ఉత్త ఒట్టేసుకున్నావు. నేను నీ మీద వేశానే పిచ్చిదానా! నీ మీద! కోపంలో నోటికి ఆ మాటే వచ్చింది... నువ్వు అక్కడ వరదనీళ్ల మధ్య బల్ల మీద కూర్చుని ఉంటే, నేనిక్కడ ఒట్టు తప్పి నీళ్లు తాగనా? నీకేమైనా అయితే? పురుగో పుట్రో ముట్టుకుంటే? నా చేతుల్తో నేనే నిన్ను..."

మాట పూర్తి కాలేదు. చిన్నకోడలు గ్లాసు పక్కన పెట్టేసింది. కసి అనుకుంది తను! అక్క నాలుక పిడచకట్టుకుపోతున్నా ఓర్చుకున్నది తన మీది కోపంతో కాదా? తన కోసమా? "అక్కా..." అంటూ ఆవిడ భుజం మీద వాలిపోయి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇద్దరూ ఏడ్చారు. గుమ్మంలో నిలబడ్డ పిల్ల ఎందుకో తెలియకుండానే తనూ ఏడ్చింది. అన్నదమ్ములిద్దరూ కిటికీలోంచి ఏరు చూస్తున్నట్టు నటించారు.

అత్తగారు మెల్లగా మెట్లెక్కి వచ్చింది. "ఏడుపులు చాలు గానీ, ఆ ఒట్లు రెండూ తీసి గట్టున పెట్టండే!"

చిన్నకోడలు కళ్లు తుడుచుకుంటూ, "గట్టెక్కడుందత్తయ్యా! అంతా నీళ్లేగా!" అంది.

ఏడుస్తున్న పెద్దకోడలికి ఫక్కున నవ్వొచ్చింది. నవ్వితే పగిలిన పెదవి మండి "అబ్బా!" అంది. ఆ సందు చూసుకుని చిన్నకోడలు గ్లాసు నోటికి అందించింది.

"ఇంక ఎండలు రానీ అక్కా, మంచంతో సహా కిందికి దించేస్తాను. ఇకనుంచి ముందు రంగులకి నీళ్లన్న మాటే లేదు. మీరందరూ తాగాక మిగిలితేనే నేను రంగులద్దేది."

"నోరు ముయ్యి. పని మానేస్తే నేను కుట్టేవాటికి లైనింగు ఎవరిస్తారు? సర్దుకుందాంలే. ముందు ఆ తడిబట్టలు మార్చుకో."

"నువ్వు తాగితే మార్చుకుంటాను."

పెద్దకోడలు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఒక్క గుక్క మింగింది. మింగి ఆగింది. భయంభయంగా తోటికోడలి ముఖంలోకి చూసింది. "ఏం కాలేదుగా?"

"ఏం కాలేదక్కా."

ఇంకో గుక్క తాగింది. మళ్లీ చూసింది. చెయ్యి చాచి నుదురు ముట్టుకుంది, మెడ ముట్టుకుంది. "ఒళ్లు వెచ్చబడలేదుగా? తల తిరగడం గట్రా..."

"ఏం లేదంటున్నానా! తాగక్కా, నీకు దణ్ణం పెడతాను!"

అప్పుడు గ్లాసు పైకెత్తి గటగటా చివరి చుక్క దాకా తాగేసింది పెద్దకోడలు. చెంగుతో మూతి తుడుచుకుని, ఖాళీ గ్లాసు ముందుకు చాపింది.

"ఇంకొంచెం పొయ్యవే," అంది.