పెద్దమేస్త్రి చెవి

అందరికంటే ముందు లేవడం ఆ ఇంటి కోడలికి అలవాటైపోయింది. టీ కాచి ఫ్లాస్కులో పోసి, పిల్ల స్కూలు సంచి తలుపు పక్కన పెట్టి, ఇంకా వెలుతురు సరిగ్గా రాకముందే షెడ్డు తాళాలు తీసుకుంది.

"ఇంత పొద్దున్నే ఏం పనే?" అత్తగారు మంచం మీద నుంచే అడిగింది.

"షెడ్డు ఊడవాలి అత్తయ్యా. నిన్న ఆయిలు ఒలికింది."

"రోజూ ఒలుకుతుందా?"

కోడలు చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వీధిలోకి దిగింది. కళ్లు మండుతున్నాయి. వీధి చివర మలుపు తిరిగితే వాళ్ల కార్ల రిపేరు షెడ్డు. రేకుల కప్పు, ఇనుప షట్టరు, లోపల ఎంత తోమినా వదలని గ్రీజు వాసన.

షెడ్డు ఊడవడం వట్టి సాకు. నిన్న మామగారు 'బాగుంది, తీసుకెళ్లమనండి' అని పక్కన పెట్టించిన బండ్లను ఆమె ఒక్కొక్కటీ మళ్లీ స్టార్టు చేసి వింటుంది. ఆ పొద్దున తెల్ల కారు బానెట్టు ఎత్తి స్టార్టు చేయగానే పొగగొట్టం మొదట్లో 'చిస్... చిస్...' మని సన్నగా గాలి తన్నుకొస్తోంది. గొట్టం బిగింపు దగ్గర నట్టు వదులైంది. ఆమె ఇంజిన్ ఆపి, నట్టు బిగించి, మళ్లీ విని, బానెట్టు దించింది. చిన్న పనే. కానీ నిన్న ఇదే బండి దగ్గర మామగారు చాలాసేపు నిలబడి, ఏమీ లేదని తేల్చేశాడు.

ఒకప్పుడు ఆయన చెవికి పెద్ద పేరు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, డాక్టరు గుండె చూసినట్టు చూసేవాడు. ఏ వాల్వు కొట్టుకుంటోందో, ఏ బేరింగు అరిగిందో విప్పకుండానే చెప్పేవాడు. అందరూ పెద్దమేస్త్రి అనేవారు. కొడుక్కి ఆ విద్య అబ్బలేదు. సిటీ బస్సు డ్రైవరుగా చేరి, బండి నడపడం నా పని, దాని మొర వినడం నా వల్ల కాదని తేల్చి చెప్పేశాడు. పెళ్లైన కొత్తలో మామగారికి క్యారియరు ఇవ్వడానికి వచ్చిన కోడలు ఓసారి గుమ్మంలో ఆగి, "ఈ కారు నిన్నటిలా మోగట్లేదేంటి మామయ్యా?" అంది. ఆయన ఆమెని తేరిపార చూసి, చేతిలోని స్క్రూడ్రైవరు ఆమెకి అందించాడు. ఆ రోజు మొదలు ఆమె చిన్నమేస్త్రి అయింది.

కొంతకాలంగా ఆయన తప్పుతున్నాడు. లోపలెక్కడో బరువుగా దబదబలాడితే ఇట్టే పట్టేస్తాడు. సన్నటి చప్పుళ్లే చేజారిపోతున్నాయి. వినడం నేర్పిన మనిషితో 'మీకు వినపడట్లేదు' అని ఏ నోటితో అనాలో ఆమెకి తెలియలేదు. అందుకే ఎవరికీ చెప్పకుండా ఆయన వెనకే సర్దుకుంటూ వస్తోంది. షెడ్డు, ఇల్లు, పిల్ల, మళ్లీ షెడ్డు. ఈమధ్య నిలబడ్డ చోటే నిద్ర ముంచుకొస్తోంది.

ఆ మధ్యాహ్నం టీచరమ్మ కారుని మరో బండికి తాడు కట్టి లాక్కొచ్చారు.

టీచరమ్మ వాళ్ల దగ్గరికి ఏళ్లుగా వచ్చే మనిషి. ఆమె భర్తకి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ కోసం ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లడానికే ఆ కారు ఉంచుకుంది. కిందటి వారమే పూర్తిగా చూసిమ్మని ఇక్కడ పెట్టి వెళ్లింది.

ఆమె కారు దిగింది. కోడలు స్టూలు వేస్తే కూర్చుంది.

"దారి మధ్యలో ఆవిర్లు కక్కి ఆగిపోయిందమ్మా. పక్కన ఆయన. ఎండ. ఎవరూ ఆపరు. ఆయాసంతో ఆయన పెదాలు నల్లబడుతుంటే చూస్తూ కూర్చున్నాను. చివరికి ఒక పాల వ్యాను అతను ఆపి ఎక్కించుకున్నాడు."

"ఇప్పుడెలా ఉన్నారు?" అంది కోడలు.

"గండం గడిచింది. వార్డులో ఉన్నారు." టీచరమ్మ పెద్దమేస్త్రి వైపు తిరిగింది. "మీరు బాగుందన్నారని నేను నిశ్చింతగా ఉన్నాను."

టీచరమ్మ కేకలేసి ఉంటే బాగుండేదనిపించింది కోడలికి.

టీచరమ్మ వెళ్లాక కోడలు బానెట్టు ఎత్తింది. బెల్టు తెగి వేలాడుతోంది. ఇంజిన్‌కి నీళ్లు తిప్పే పంపు చక్రాన్ని పట్టుకుని కదిపితే ఊగిసలాడింది. లోపలి బేరింగు అరిగి, బిగుసుకుపోయి, బెల్టుని తెంపేసింది. నీళ్లు తిరగక ఇంజిన్ కాగిపోయింది. అలాంటి బేరింగు పోయేముందు కొన్నాళ్లపాటు సన్నగా కీచుమంటూనే ఉంటుంది.

"ఇది ఒక్కరోజులో పోయింది కాదు మామయ్యా," అంది, గొంతు పెంచి.

ఆయన ఆ చక్రాన్ని తనూ కదిపి చూశాడు. చేతులు తుడుచుకుని, "ఆ రోజు నువ్వూ పక్కనే ఉన్నావుగా," అన్నాడు. అని, కండువా భుజాన వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ మాట కోడలికి ముల్లులా దిగింది. పక్కనే ఉన్న మాట నిజం. ముందు రోజు పిల్లకి జ్వరమొచ్చి, కంటి మీద కునుకు లేక, బండి అంచు పట్టుకుని తూలుతూ నిలబడింది. ఇంజిన్ మోగడం గుర్తుంది కానీ ఏం మోగిందో గుర్తులేదు. మర్నాడు పొద్దున వచ్చి మళ్లీ వినడానికి ఒంట్లో ఓపిక లేకపోయింది.

సాయంత్రం భోజనాల దగ్గర పిల్ల తినేసి లోపలికి వెళ్లాక భర్తే మాట కదిపాడు.

"నాన్నని ఏమన్నావు? వచ్చినప్పట్నుంచీ అలా గోడకేసి చూస్తున్నాడు."

"ఏమీ అనలేదు. రేపట్నుంచి నేను షెడ్డుకి వెళ్లను. నా వల్ల కాదు."

"ఒక్క బండి ఆగిపోతే ఇంత రాద్ధాంతమా? నాన్న చెయ్యి పడ్డ బండి ఎప్పుడైనా తిరిగొచ్చిందా?"

"ఎందుకు తిరిగి రాలేదో మీకు తెలుసా?" ఆమె కంచం పక్కకి జరిపింది. "నేను రోజూ పొద్దున్నే వెళ్లేది ఊడవడానికి కాదు. ఆయన బాగుందన్న ప్రతి బండీ మళ్లీ నేను వింటున్నాను. ఈ రోజూ ఒకటి బిగించాను. ఆయనకి వినపడట్లేదండీ. నేనొక్కదాన్నీ దాన్ని దాచుకుంటూ, దిద్దుకుంటూ... ఒక్కసారి ఒళ్లు వాలిపోయింది. ఆ ఒక్కసారికే ఒక మనిషి ప్రాణం మీదికొచ్చింది."

పెద్దమేస్త్రి ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి చూపు తిప్పుతున్నాడు. "ఏమంటోంది?" అని భార్యని అడిగాడు.

ఆమె తల దించుకుంది. కొడుకే గొంతు పెంచాడు. "నీకు వినపడట్లేదంటోంది నాన్నా."

"అవును," అన్నాడాయన.

ఎవరూ ఆ జవాబుకి సిద్ధంగా లేరు.

"నాకు తెలియకుండా ఎలా ఉంటుందిరా? స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుంటే సన్నటి చప్పుడు ఒక్కటీ రావట్లేదు. గోడకి చెవి పెట్టినట్టుంటుంది."

"మరి ఇన్నాళ్లూ ఎలా చెప్పావు?"

ఆయన కోడలి వైపు చూశాడు. "అమ్మాయి ముఖం చూసి."

ఆమె తలెత్తింది.

"ఇంజిన్‌లో సన్నగా తేడా మోగితే నీకు ఎడమ కనుబొమ్మ కొంచెం ముడిపడుతుందమ్మా. నీకే తెలియదు. ముడిపడితే నేను వెతికేవాణ్ణి. పడకపోతే బాగుందనేవాణ్ణి. అలా చాలాకాలం నెట్టుకొచ్చాను." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఈమధ్య ఏ బండి దగ్గరా నీ ముఖంలో ఏమీ కనపడట్లేదు. బండ్లన్నీ బాగున్నాయనుకున్నాను. నువ్వు అలిసిపోయావని తోచలేదు నాకు. ఆ రోజు నువ్వూ పక్కనే ఉన్నావుగా అన్నది అందుకే. నిన్ను తప్పు పట్టడానికి కాదు."

కోడలికి అప్పుడు అర్థమైంది. తాను ఆయన తప్పులు దిద్దడానికి నిద్ర మానుకుంది. ఆ నిద్ర లేకే ముఖం మొద్దుబారింది. ఆ ముఖాన్ని నమ్ముకునే ఆయన తప్పు మీద తప్పు చేశాడు. ఒకరినొకరు కాపాడుకుంటున్నామనుకుంటూ ఇద్దరూ కలిసి ఇక్కడిదాకా తెచ్చుకున్నారు.

"ఒక్కమాట నాతో అనుండొచ్చుగా మామయ్యా."

"నువ్వన్నావా?" ఆయన మెల్లగా నవ్వడానికి ప్రయత్నించాడు. "షెడ్డులో ఇంకెందుకు నువ్వు అంటారేమోనని భయం. ఇంట్లో కూర్చుంటే నేనెవణ్ణి?"

ఇంతసేపూ మాట్లాడని అత్తగారు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "పిలిస్తే పలకట్లేదని నామీద విసుగు పుట్టిందనుకున్నాను. పిలవడమే మానేశాను," అంది. తర్వాత ఆయనకి వినపడేలా అదే మాట మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పేటప్పుడు ఆమె ఏడ్చేసింది.

మర్నాడు కోడల్ని ఎవరూ లేపలేదు. భర్త పిల్లని తయారుచేసి స్కూల్లో దింపి డ్యూటీకి వెళ్లాడు. ఆమె ఎండెక్కాక లేచి షెడ్డుకి వెళ్లేసరికి మామగారు టీచరమ్మ కారు ఇంజిన్ హెడ్డు విప్పుతున్నాడు. ఆమెని చూసి స్పానరు అందించాడు. ఇద్దరూ పనిలో పడ్డారు. ఆ పక్కనున్న వేరే బండి స్టార్టు చేసినప్పుడు ఆయన స్క్రూడ్రైవరు తీసుకోలేదు. అరచెయ్యి ఇంజిన్ మీద ఆనించి, "అదురు లేదు. నీకేం వినపడుతోంది?" అని అడిగాడు. ఆమె చెప్పింది. సరిగ్గా అందకపోతే మళ్లీ చెప్పింది.

కొత్త పంపు, కొత్త బెల్టు వేసి, కాగిపోయిన భాగాలు మార్చేసరికి కొన్ని రోజులు పట్టింది. టీచరమ్మ తన కారు కోసం వచ్చింది. భర్త ఇంటికి వచ్చేశాడని, నిన్న రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడని చెప్పింది. కారు స్టార్టు చేసి, అలవాటుగా పెద్దమేస్త్రి వైపే చూసింది. "ఈసారి బాగా విని చెప్పండి మేస్త్రిగారూ."

షెడ్డులో వేరే బండ్లవాళ్లు కూడా ఉన్నారు. అందరూ ఆయనకేసి చూశారు.

"నాకు వినపడదమ్మా," అన్నాడాయన, అందరికీ వినిపించేలా. "ఆ రోజు మీ బండి నేను వినలేదు. వినపడలేదని ఒప్పుకోలేక బాగుందన్నాను. తప్పు నాదే. ఇకమీద ఈ షెడ్డులో మా కోడలు వింటుంది. ఆమె చెప్పిందే మాట."

టీచరమ్మ కాసేపు ఆయన్నే చూసి, తర్వాత కోడలి వైపు తిరిగింది. "అయితే నువ్వు చెప్పమ్మా."

కోడలు ఇంజిన్ మీదికి వంగింది. పంపు మెత్తగా తిరుగుతోంది. బెల్టు సవ్వడి లేదు. కీచు లేదు, గాలి లేదు. ఎక్కడా వంక పెట్టడానికి లేకుండా మోగుతోంది. అయినా ఆమె కనుబొమ్మలు రెండూ ముడిపడ్డాయి, పెదవి వణికింది.

ఎదురుగా నిలబడ్డ మామగారి ముఖంలో కంగారు కనపడింది. "ఏమైందమ్మా? మళ్లీ పంపేనా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. మోచేత్తో కళ్లు తుడుచుకుని, ఆయన చెవి దగ్గరికి వంగింది.

"బండికేం కాలేదు మామయ్యా. బాగుంది."